అత్తగారి మణికట్టు, అల్లుడి విమానం

ఆ సెలవు రోజు ఉదయం లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పార్సిలు వస్తుంది. తొమ్మిదింపావుకి కంప్యూటరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. సాయంత్రం దాకా సాధన చేసి, ఆరింటికి పరీక్షలో విమానం దించుతాడు. మధ్యలో భోజనానికి ఇరవై నిమిషాలు. ఇందులో ఎవరికీ ఏ అపకారమూ లేదు.

విమానం నిజంది కాదు. కంప్యూటరులో విమానాలు నడిపే సరదా ఉన్నవాళ్లు పాతికమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు నిజం విమానాలు నడిపి రిటైరైన ఒక కెప్టెన్ దానికి పెద్ద. ఆయన తన ఇంట్లోంచి ఇంటర్నెట్‌లో చూస్తుండగా విమానాన్ని రన్‌వే మీద క్షేమంగా దించినవాళ్లే పైలట్లు. మూడుసార్లు తప్పినవాళ్ల పేరు పైలట్ల జాబితాలోంచి తీసి ప్రయాణికుల జాబితాలో వేస్తారు. ప్రయాణికులు ఇంకొకరు నడిపే విమానంలో కూర్చుని మేఘాలు చూడవచ్చు. మరేమీ ముట్టుకోకూడదు. ఇన్‌స్పెక్టరు ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మొదటిసారి చెరువులో దిగాడు. రెండోసారి చెరువును జాగ్రత్తగా తప్పించి, అగ్నిమాపక కేంద్రం కప్పు మీద దిగాడు.

అతను ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు పరీక్షించి సంతకం పెడుతున్న మనిషి. స్వయంగా ఎక్కి, దిగి చూడనిదే ఒక్క కాగితం మీదా సంతకం పెట్టలేదని ఆఫీసంతా చెప్పుకునేది. అయితే ఆ ఉద్యోగంలో పన్నెండో అంతస్తు దాటి పైకి వెళ్లే యోగం కలగలేదు. అందుకే ఈ విమానాల పిచ్చి. చిక్కల్లా ఏమిటంటే, అలవాటు కొద్దీ విమానాన్ని కూడా నిలువునా దించేవాడు.

"అది లిఫ్టు కాదయ్యా! ముందుకి పోతూ దిగాలి," అని కెప్టెన్ మొత్తుకున్నారు.

"కీబోర్డుతో ఇంతే వస్తోంది సార్. జాయ్‌స్టిక్ ఉంటేనా..."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. సరే, తెచ్చుకో. కానీ ఇదే ఆఖరిసారి."

అలా తెప్పించుకున్న జాయ్‌స్టిక్ అది. విమానంలో పైలట్ పట్టుకునే పిడిలాంటిది. ముందుకి, వెనక్కి, పక్కలకి వంగుతుంది, పిడిని మెలితిప్పితే తిరుగుతుంది కూడా. వారం రోజులుగా దాని బొమ్మనే చూస్తూ నిద్రపోతున్నాడు.

పార్సిలు ఎనిమిదీ నలభైకే వచ్చింది. అప్పుడతను స్నానం చేస్తున్నాడు.

తల తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చేసరికి అట్టపెట్టె విప్పేసి ఉంది. సోఫాలో అత్తగారు కూర్చుని ఉన్నారు. ఆమె ఒళ్లో జాయ్‌స్టిక్ ఉంది. కుడిచేత్తో దాని పిడి పట్టుకుని, ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటున్నారు.

అత్తగారు నలభై ఏళ్లు కుట్టుమిషను మీద బతికిన మనిషి. రెండు నెలల కిందట కాలుజారి పడితే కుడి మణికట్టు విరిగింది. కూతురు తన ఇంటికి తెచ్చుకుంది. కట్టు విప్పాక ఫిజియోథెరపీ డాక్టరమ్మ వచ్చి, మణికట్టుకు కసరత్తు చేయించే పరికరం ఒకటి కావాలని చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీ ఇన్‌స్పెక్టరు చొక్కా జేబులోకి, చొక్కా వాషింగ్ మిషనులోకి వెళ్లాయి. అప్పటినుంచి పది రోజులుగా భార్య అడిగినప్పుడల్లా అతను "ఆర్డరిచ్చాను, వస్తోంది" అంటూ వస్తున్నాడు.

"పది రోజులు మిమ్మల్ని కాల్చుకు తిన్నాను. ఏమీ అనుకోకండి," అంది భార్య. పెళ్లైన పద్నాలుగేళ్లలో ఆమె అతనికి క్షమాపణ చెప్పడం అదే మొదలు. దాన్ని తిప్పి ఇచ్చేసే ధైర్యం అతనికి లేకపోయింది.

"పెద్దల్లుడు రబ్బరు బంతి ఇచ్చి పిసుక్కోమన్నాడు. మీరు చూడండి, ఎంత మిషను తెప్పించారో! ఈ మీట దేనికి అల్లుడుగారూ?" అని అత్తగారు అడిగారు.

"అది... చూపుడువేలికి అత్తయ్యగారూ."

"ఈ బొడిపె?"

"బొటనవేలికి."

"ఆఖరికి చిటికెనవేలికి కూడా పెట్టారే! ఎంత ఆలోచించి చేశారో." ఆమె పిడిని వెనక్కి లాగి వదిలారు. "గట్టిగా ఉంది గానీ మొండిగా లేదు. అరచేతి కింద ఆసరా కూడా ఉంది. వదిలేస్తే తనంతట తనే మధ్యకి వచ్చి నిలబడుతోంది. మనుషులకి కూడా ఈ గుణం ఉంటే సంసారాలు బాగుపడేవి," అన్నారు.

ఆ వస్తువు గురించి అతను వారం రోజులు చదివిన విషయాలన్నీ ఆమె అర నిమిషంలో కనిపెట్టేశారు. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడి తల ఆడించాడు. పది నిమిషాల్లో ఆమెకి విసుగొస్తుందని, అప్పుడు తీసుకోవచ్చని మనసుకు చెప్పుకున్నాడు. పదకొండింటికి డాక్టరమ్మ వచ్చేదాకా ఆమె దాన్ని వదల్లేదు.

డాక్టరమ్మ వచ్చి పరికరాన్ని అటూ ఇటూ వంచి చూసింది. "ముందుకి, వెనక్కి, పక్కలకి, మెలితిప్పడానికి. నాలుగు కదలికలూ ఒక్కదాన్లోనే! నేను రాసిచ్చింది ఇంత మంచిది కాదే. ఎక్కడ దొరికిందండీ?"

"వెతికితే... దొరికింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇవాళ్టికి మా క్లినిక్‌కి తీసుకెళ్లనా? మిగతా పేషెంట్లకి చూపించి రేపు పొద్దున్నే తెచ్చిస్తాను."

"తీసుకెళ్లు తల్లీ. నలుగురికి పనికొస్తే అంతకంటేనా!" అన్నారు అత్తగారు.

ఇప్పుడు నిజం చెప్పాలి, లేదా ఇంకేదైనా చెయ్యాలి. ఇన్‌స్పెక్టరు గదిలోకి పరిగెత్తి ఆఫీసు సంచిలోంచి ఒక ఎర్ర చీటీ తెచ్చాడు. 'ప్రమాదం. వాడరాదు' అని దాని మీద అచ్చువేసి ఉంటుంది. చెడిపోయిన లిఫ్టులకు కట్టేది. అత్తగారి ఒళ్లో ఉన్న జాయ్‌స్టిక్ వైరుకు దాన్ని కట్టేశాడు.

"స్ప్రింగులో తేడా ఉన్నట్టుంది. పూర్తిగా పరీక్షించేదాకా ఎవరూ వాడకూడదు," అన్నాడు ఆఫీసు గొంతుతో.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. అత్తగారు దాన్ని బల్ల మీద పెట్టి దూరంగా జరిగారు. భోజనాలయ్యాక అందరూ నడుం వాలుస్తారు, అప్పుడు తాను పని మొదలుపెట్టవచ్చని ఇన్‌స్పెక్టరు లెక్క వేసుకున్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అతను ఎర్ర చీటీ కట్టిన లిఫ్టు ఎక్కే సాహసం ఊళ్లో ఎవరూ చేయరు. అందరికంటే ముందు అతని భార్య చేయదు. ఆమె పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి, విరిగిన చేతికి విరిగిన స్ప్రింగు పంపుతారా అని ఐదు నిమిషాలు దులిపేసింది. అవతలివాళ్లు బెదిరిపోయి, నాలుగింటికి మనిషిని పంపి వెనక్కి తీసుకుంటామని, కొత్తది వారంలో ఇస్తామని ఒప్పుకున్నారు. జాయ్‌స్టిక్ మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. పెట్టె చుట్టూ టేపు మూడు వరసలు తిరిగింది.

"వెనక్కి పంపడం దేనికి? నేనే బాగుచేస్తానుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చీటీ కట్టినవాళ్లే బాగుచేయకూడదని రూలుందని మీరేగా చెప్పారు? అలా చేసినందుకేగా మీ ఆఫీసులో ఎవరికో మెమో ఇచ్చారు?"

"అది లిఫ్టులకి."

"చెయ్యి మా అమ్మది. లిఫ్టు కంటే తక్కువా?"

ఇన్‌స్పెక్టరు మింగలేక, కక్కలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. నాలుగైంది. ఎవరూ రాలేదు. ఐదైంది. ఎవరూ రాలేదు. వాళ్లు మర్చిపోయారని ప్రాణం లేచి వచ్చింది. ఐదూ ఇరవై ఐదుకి కింద హారన్ మోగింది.

"నేను మాట్లాడి వస్తాను, పెట్టె ఇక్కడే ఉండనీ," అంటూ అతను మెట్ల మీదుగా పరిగెత్తాడు. ఐదు అంతస్తులు. లిఫ్టు ఉంది గానీ, దానికి ముందు రోజే తనే ఎర్ర చీటీ కట్టాడు.

గేటు దగ్గర పార్సిలు మనిషి చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు.

"వెనక్కి పంపడం లేదు. పొరపాటు పడ్డాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు రొప్పుతూ.

"అయితే ఇక్కడ రాసివ్వండి సార్. వస్తువుని పరీక్షించాను, ఏ లోపమూ లేదు అని. కింద సంతకం."

"పరీక్షించలేదయ్యా. అదే కదా బాధ."

"అలాగైతే పట్టుకుపోవాలి సార్. నాకిచ్చిన ఆర్డరు అదే."

ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. టైము ఐదూ ముప్పై ఐదు. ఇరవై రెండేళ్ల పేరు ఒకవైపు, ప్రయాణికుల జాబితా ఒకవైపు. చివరికి పరీక్షించానని రాసి, సంతకం పెట్టాడు. పార్సిలు మనిషి కాగితాన్ని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తులోనూ ఇన్‌స్పెక్టరుకు సిగ్గు వేసింది.

ఇంట్లోకి వచ్చేసరికి ఆరుకు పది నిమిషాలు తక్కువ.

"వాళ్లతో మాట్లాడాను. లోపం లేదట. కంప్యూటరుకి కలిపి చూస్తే తేలిపోతుంది," అన్నాడు.

"ఆ కలిపేదేదో పొద్దున్నే కలపొచ్చుగా?" అంది భార్య.

ఇంతలో అత్తగారు తన బట్టల కత్తెరతో టేపు కోసి, జాయ్‌స్టిక్ బయటికి తీసి, కంప్యూటరు గదిలోకి నడిచి, అల్లుడి కుర్చీలో కూర్చున్నారు. "ఇది సరిపోవాల్సింది నా చేతికే కదా. నేనే చూస్తాను. సాయంత్రం కసరత్తు కూడా మిగిలిపోయింది," అన్నారు.

"అత్తయ్యగారూ, ముందు నేను..."

"షాక్ కొడుతుందనా? నలభై ఏళ్లు కరెంటు మిషను తొక్కాను. మీరు వైరు పెట్టండి."

అతను ప్లగ్గు పెట్టాడు. పక్కన స్టూలు మీద కూర్చుని, ఐదు నిమిషాల్లో ఆమెను లేపవచ్చనుకుంటూ విమానం తెరిచాడు. తెర మీద ఆకాశం వచ్చింది. ఆకాశంతోపాటు, అనుకున్నదానికి మూడు నిమిషాల ముందే, స్పీకరులో కెప్టెన్ గొంతు వచ్చింది.

"సిద్ధమేనా?"

"ఈయనెవరు?" అని అత్తగారు గుసగుసగా అడిగారు.

"ఈ పరికరం ఎలా వాడాలో చెప్పే పెద్దమనిషి." ఆ రోజు ఇంట్లో ఇన్‌స్పెక్టరు నోట వచ్చిన మొదటి నిజం అదే.

"ఓహో, పెద్ద డాక్టరా! చెప్పండి డాక్టరుగారూ."

"ఎవరయ్యా ఆ గొంతు?" అన్నారు కెప్టెన్.

"మా అత్తగారు సార్. పక్కనే ఉన్నారు."

"ఉండనీ. నిజం విమానంలో వెనకాల రెండొందలమంది ఉంటారు. గాభరా పడకు. ఎడమకి కొంచెం."

అత్తగారు ఎడమకు కొంచెం వంచారు. ఆకాశం కుడికి వాలింది.

"ఇటివ్వండి అత్తయ్యగారూ," అని ఇన్‌స్పెక్టరు చెవిలో బతిమాలాడు.

"ఉండండి. మధ్యలో వదిలేస్తే బిగుసుకుపోతుందని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది."

"ఎదురుగా తెల్లగీత కనిపిస్తోందా? ముక్కు దాని మీదే ఉండాలి. వేగం తగ్గించు."

వేగం తగ్గించే మీట కీబోర్డు మీద ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని నొక్కాడు. ఇంకేమీ చేయడానికి అతనికి దారి లేదు.

"గీత తప్పకుండా పోవడమేనా? అంచు కుట్టడమే కదా ఇది," అంటూ అత్తగారు ముందుకి వంగారు. నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నారు. కట్టు విప్పిన చెయ్యి గనక గబుక్కున కదలడం లేదు, వెంట్రుకవాసి చొప్పున జరుగుతోంది. చెరువు వచ్చింది, వెళ్లిపోయింది. అగ్నిమాపక కేంద్రం కూడా వెళ్లిపోయింది. గీత దగ్గరికి వచ్చి వెడల్పయింది.

"ఇప్పుడు మెల్లగా వెనక్కి... ఇంకా మెల్లగా..."

చక్రాలు నేలను తాకిన చప్పుడు కూడా సరిగా వినపడలేదు. విమానం గీత మీదే పరిగెత్తి ఆగింది.

స్పీకరులో కెప్టెన్ గొంతు సవరించుకున్నారు. "నేను చాలామందికి నేర్పానయ్యా. ఇంత మెత్తటి చెయ్యి చూడలేదు. పాసయ్యావు. నేనే దించాను అని ఒక ముక్క రాసి, సంతకం పెట్టి పంపు. నీ పేరు పైలట్లలో ఉంచేస్తాను."

ఇన్‌స్పెక్టరు గుండె నిండిపోయింది. కోరుకున్నది చేతికి వచ్చేసింది. ఒక్క సంతకం. కాగితం తీశాడు, కలం తీశాడు. గుమ్మంలో భార్య నిలబడి చూస్తోంది. అతను కలం కింద పెట్టేశాడు.

"సార్, ఇవాళ ఒక సంతకం అలా పెట్టేశాను. రెండోది నావల్ల కాదు. దించింది నేను కాదు, మా అత్తగారు," అన్నాడు. మొదలుపెట్టాక ఆగలేదు. వాషింగ్ మిషనులో పోయిన చీటీ నుంచి గేటు దగ్గర రాసిన అబద్ధం దాకా అంతా చెప్పేశాడు.

"అంటే, ఇది మా అమ్మ కోసం తెచ్చింది కాదా?" అంది భార్య.

"కాదు."

"పొద్దున నేను చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

అత్తగారు స్పీకరు వైపు చూశారు. "అయితే మీరు డాక్టరు కాదా?"

"కాదమ్మా. కెప్టెన్ని."

"ఏదైనా ఒకటేలెండి, చెయ్యి తేలికపడింది. రేపు ఎన్నింటికి వస్తారు?"

ఆ సాయంత్రమే సంఘం జాబితాలు మారాయి. పైలట్లలో అత్తగారు చేరారు. మూడోసారి తప్పిన ఇన్‌స్పెక్టరు ప్రయాణికుల్లోకి వెళ్లాడు. ఏ విమానంలో కూర్చుంటావని అడిగితే, ఇంట్లో ఉన్న విమానమే నయమన్నాడు. డాక్టరమ్మతో మళ్లీ చీటీ రాయించుకుని అతను ఆర్డరిచ్చిన అసలు పరికరం నాలుగు రోజులకు వచ్చింది. అత్తగారు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇది మీకు పనికొస్తుందేమో చూడండి అల్లుడుగారూ," అని ఇచ్చేసి, విమానం ఎక్కడానికి వెళ్లారు.

కొత్త జాయ్‌స్టిక్ మీద తొలి అభిప్రాయం రాయమని సంఘంలో అందరూ ఇన్‌స్పెక్టరును అడిగారు. అతను బాగా ఆలోచించి, "పనితనం బాగుందని విన్నాను, ఇంకా ముట్టుకోలేదు," అని రాసి, కింద సంతకం పెట్టాడు.