పంపుకు తొడిగిన చెప్పు

గురువారం పొద్దున మార్లిస్ మాసిన బట్టలు మూటగట్టుకుని, పక్క బండి డోరీన్‌ను కారెక్కించుకుని ఊళ్లోని లాండ్రీకి వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేలోగా ఎల్డన్ తమ బండిలోని పాత నీళ్ల పంపు ఊడదీసి కొత్తది బిగించెయ్యాలి. మధ్యాహ్నం ఆమె కుళాయి తిప్పుతుంది, చప్పుడు రాదు, ఆశ్చర్యపోతుంది. పథకమంతా ఇంతే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి చోటెక్కడుందని ఎల్డన్ అనుకున్నాడు, పాపం.

బండి అంటే వాళ్లకు ఇల్లే. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ చక్రాల మీదే. మంచు కురిసే మిన్నెసోటాలో ఉన్న ఇల్లు అమ్మేసి, రెండు చలికాలాలుగా ఈ అరిజోనా ఎడారిలో, తమలాంటి తెల్లజుట్టువాళ్ల బండ్ల వరుసలో కాపురం పెట్టారు. ఎల్డన్‌కు ఈ బతుకంటే ప్రాణం. మార్లిస్‌కు మాత్రం నిద్ర లేదు. రాత్రి ఎల్డన్ లేచి మరుగుదొడ్డిలో నీళ్లు వదిలాడంటే చాలు, సరిగ్గా ఆమె దిండు కింద, మంచం అడుగున ఉన్న పంపు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు మోగుతుంది. పాతికేళ్లు స్కూలు పిల్లలకు బ్యాండు నేర్పి, డ్రమ్ముల మధ్య చెవులు పోగొట్టుకున్న ఎల్డన్‌కు అది వినిపించదు. చెవి మిషన్లున్నాయి. సొరుగులో ఉన్నాయి.

పోయిన ఆదివారం మార్లిస్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, తనకిక వల్లకాదని తేల్చి చెప్పేసింది. బండి అమ్మేసి ఏదైనా చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉందామంది. అన్న రోజే ప్రకటన కూడా ఇచ్చేసింది. ఆరెగాన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలెవరో శనివారం చూసుకోవడానికి వస్తామన్నారు. ఎల్డన్ గుండెల్లో రాయి పడింది. ఈలోగా ఆ పంపు నోరు మూయించకపోతే, తలుపు తియ్యగానే ఎదురుగా కొండల మీద ఎండ పడే ఉదయాలు తన జీవితంలో అయిపోయినట్టే.

కారు లేపిన దుమ్ము అణగకముందే పరుపు ఎత్తి గోడకానించి, మంచం మూత తెరిచాడు. పాత పంపు సులువుగానే వచ్చింది. కొత్తది మరలతో గట్టిగా బిగించి, కుళాయి తిప్పి, ఫలితం ఎలా తెలుసుకోవాలో తెలియక ఒక్క క్షణం నిలబడ్డాడు. చెవులతో పని జరగదు. అరచేయి మంచం చెక్క మీద ఆనించాడు. చెక్క జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. పాతదానికంటే ఇదే ఎక్కువ వణుకుతోంది. కొత్త పంపు కదా, ఉత్సాహంగా ఉంది.

తప్పు పంపుది కాదని అప్పుడర్థమైంది. పంపును తిన్నగా చెక్కకే బిగిస్తే బండి మొత్తం దాంతో పాటు మోగుతుంది. గొట్టం కూడా గోడకు తగిలి కొట్టుకుంటోంది. కింద మెత్తటిదేదైనా వెయ్యాలి, గొట్టానికేదైనా తొడగాలి. అమ్మే దుకాణం ఊళ్లో ఉంది. ఊరికి వెళ్లే కారు మార్లిస్ దగ్గరుంది. మెత్తటి వస్తువు కోసం ఎల్డన్ బండంతా కలియజూశాడు.

రంగురాళ్లు ఏరడానికి వెళ్లినప్పుడు మార్లిస్ మోకాళ్ల కింద వేసుకునే స్పాంజి పట్టా బయట నిచ్చెనకు వేలాడుతోంది. దాన్ని ముక్కలు చేసి పంపు చుట్టూ కూరాడు. గొట్టానికి సరిపోయే తొడుగు మటుకు దొరకలేదు. గుమ్మం దగ్గర మార్లిస్ ఇంట్లో తొడుక్కునే చెప్పులున్నాయి. అడుగున రబ్బరు, లోపల దళసరి ఉన్ని. ఎడమకాలి చెప్పు ముందు భాగం కత్తిరించి గొట్టానికి ఎక్కించి చూస్తే కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయింది. ఇంత చక్కగా సరిపోయాక తియ్యబుద్ధి కాలేదు.

ఇక పంపు కిందికి. డోరీన్ బండి మెట్టు పక్కన, చెత్త సంచి మీద, ఆమె కుక్కపిల్ల మఫిన్ పాత పరుపు పడి ఉంది. చెత్త సంచి మీద ఉందంటే పారేసినట్టే గదా అని ఎల్డన్ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. రెండు చేతులా ఎత్తుకోవడానికి వీలుగా, చేతిలో ఉన్న పాత పంపు ఇత్తడి క్లిప్పునూ రెండు మరలనూ మెట్టు మీద పెట్టాడు. అవి అక్కడ పెట్టిన సంగతి ఆ తరవాత గుర్తులేదు.

అన్నీ అమర్చి, కుళాయి సన్నగా వదిలి, చెక్క మీద చెయ్యి పెట్టాడు. వణుకు లేదు. మళ్లీ చూశాడు, లేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కారు కనిపించింది. వాళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. మంచం మూత వేసి, పరుపు కప్పి, దుప్పటి సర్ది, జుట్టు సర్దుకుని గబగబా బయటికి వచ్చాడు. సన్నగా పారుతున్న కుళాయి గుర్తు రాలేదు. చెవులున్నవాడికైతే సింకులో నీళ్ల చప్పుడన్నా వినిపించేది.

మార్లిస్ లోపలికి వచ్చి కుళాయి తిప్పితే కథ అక్కడితో సుఖాంతమే. కానీ ముందు డోరీన్ తన మెట్టు దగ్గర ఆగిపోయింది. మఫిన్ పరుపు ఎండలో వేసి వెళ్లానని, ఇప్పుడు లేదని లబలబలాడింది. మార్లిస్ నిచ్చెన వంక చూస్తే మోకాళ్ల పట్టా లేదు. గుమ్మంలోకి తొంగి చూస్తే కుడికాలి చెప్పు ఉంది, ఎడమకాలిది లేదు. ఇంతలో అవతలి బండి లైల్ వచ్చాడు. కిందటి చలికాలం తన ట్రక్కు వైర్లన్నీ ఎడారి ఎలుక కొరికేసినప్పటి నుంచి లైల్ ఎలుకల విషయంలో ఆ చుట్టుపక్కల పెద్దమనిషి. అతని గొంతు రాళ్లకు కూడా వినిపిస్తుంది. మెట్టు మీది ఇత్తడి క్లిప్పూ మరలూ చేతిలోకి తీసుకుని, ఎండకు ఎత్తి పట్టి చూశాడు.

"దొంగ ఎలుక. అనుమానం లేదు. ఏదన్నా ఎత్తుకుపోతే దానికి బదులు ఇంకోటి పెట్టి మరీ పోతుంది. మర్యాద తెలిసిన జాతి. పట్టాకో మర, చెప్పుకో మర, పరుపుకి ఇత్తడి క్లిప్పు. లెక్క సరిపోయింది చూశారా?"

ఎల్డన్‌కు ఈ మాటలు స్పష్టంగా వినిపించాయి. అదే అతని ఖర్మ. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆలోగా డోరీన్ కళ్లు తుడుచుకుంటూ, అతనికీ వినపడేంత గట్టిగా, ఆ పరుపు తన భర్త రే చనిపోయేముందు మఫిన్ కోసం కొన్నదని, అతని వాసన పోకుండా ఉతకను కూడా ఉతకలేదని చెప్పింది. తెరిచిన నోరు మూసుకుపోయింది. తలవంచుకుని బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

కాసేపట్లో కబురు వరుసంతా పాకింది. ఎలుక వెచ్చటి ఇంజన్ల మీద గూడు కడుతుంది కాబట్టి బానెట్లు ఎత్తి ఉంచాలని లైల్ ఆజ్ఞాపించాడు. వరుసలో ఉన్న ట్రక్కులూ కార్లూ పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోళ్లు తెరుచుకున్నాయి. ఎవరో బోను తెచ్చి అందులో వేరుసెనగ ముద్ద పెట్టారు. ఒకాయన తన కళ్లజోడు కూడా పోయిందన్నాడు. ఒకావిడ వెన్న కత్తి కనబడటం లేదంది. ఎప్పుడో కిందటేడాది వేరే రాష్ట్రంలో పోయిన స్క్రూడ్రైవర్ కూడా ఆ ఎలుక మీదే పడింది. ఇంత సామాను మోసిందంటే ఒక్కటే అయి ఉండదని, కుటుంబంతో వచ్చి ఉంటుందని నిర్ణయించారు.

మార్లిస్ భయపడింది. ఎలుక తమ బండి వైర్లు కొరికిందంటే ఇక కొనేవాళ్లు గడప తొక్కరు. ఎల్డన్ పక్కకు వచ్చి, కొనేవాళ్లను శనివారం దాకా ఆపకుండా రేపే రమ్మననా అని మామూలు గొంతుతో అడిగింది. ఎల్డన్ కళ్లు డోరీన్ మీద ఉన్నాయి. ఎప్పటిలాగే "ఊ" అన్నాడు. మార్లిస్ పక్కకు వెళ్లి ఫోను చేసింది.

ఈ హడావుడిలో తెలివిగా ప్రవర్తించింది మఫిన్ ఒక్కటే. అది ఎల్డన్ బండి మెట్టు కింద చేరి తీరిగ్గా నీళ్లు తాగుతోంది. ఎడారిలో, చుక్క నీటిని కూడా లెక్కపెట్టుకుని వాడుకునే చోట, తలుపు సందులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. సింకులోంచి పోయిన నీళ్లతో అడుగున ఉన్న మురికినీళ్ల ట్యాంకు నిండి, స్నానాల గది తూములోంచి పైకి తన్ని, నేలంతా పారి గుమ్మం దాకా వచ్చాయి.

"గొట్టం కొరికేసింది. గూడు మంచం కిందే," అన్నాడు లైల్, పొడవాటి పటకారు అందుకుని.

ఎల్డన్ అందరికంటే ముందు లోపలికి పరిగెత్తి, తడిసిన బూట్లతోనే మంచం మీద కూర్చున్నాడు. లెమ్మన్నా లేవలేదు. మార్లిస్ మొగుడి మొహంలోకి చూసింది. ముప్పైతొమ్మిదేళ్ల కాపురంలో ఆ మొహం ఆమెకు కొత్త కాదు. చెయ్యి పట్టుకుని లేపింది. లైల్ మూత ఎత్తాడు.

మఫిన్ పరుపు మీద కొత్త పంపు రాజుగారిలా కూర్చుని ఉంది. చుట్టూ మోకాళ్ల పట్టా ముక్కలు. గొట్టం మార్లిస్ ఎడమకాలి చెప్పు తొడుక్కుని, గోడ పక్కన బుద్ధిగా ఉంది. లైల్ ఒక్కడే ఇంకా ఆశ వదులుకోలేదు.

"ఎలుకకి పంపు బిగించడం వస్తుందంటావా?" అన్నాడు.

"ఆ ఎలుక నేనే," అన్నాడు ఎల్డన్.

వెంటనే డోరీన్ వైపు తిరిగి, పారేశావనుకున్నానని మొదలుపెట్టి, అది అబద్ధమని తనకే తోచి, కాదు, అనుకోలేదు, అనుకోవాలని అనుకున్నాను, క్షమించమన్నాడు. డోరీన్ పంపు కింద నుంచి పరుపు లాగి గుండెకు హత్తుకుంది.

"అడిగుంటే నా దిండే ఇచ్చేదాన్ని కదయ్యా," అంది.

ఆ మాటకు ఎల్డన్‌కు తిట్టినదానికంటే ఎక్కువ సిగ్గేసింది. లైల్ గొణుక్కుంటూ పోయి, పరుపుకు బదులు తన కుర్చీ మెత్త తెచ్చి పంపు కింద పెట్టాడు. కుళాయి ఎవరో కట్టేసే సరికి మంచినీళ్ల ట్యాంకులో చుక్క లేదు. వరుసలోవాళ్లు నవ్వుకుంటూనే తలా ఒక క్యాను నీళ్లు తెచ్చి పోశారు. అందరూ వెళ్లాక మొగుడూ పెళ్లాలు తువ్వాళ్లతో నేల తుడవడం మొదలుపెట్టారు. మధ్యలో మార్లిస్ లేచి కుళాయి తిప్పింది.

"మోగుతోందా?" అని అడిగాడు ఎల్డన్.

"నీకు తెలీదా?"

"చెక్క మీద చెయ్యి పెట్టి చూశాను. వణుకు లేకపోతే చప్పుడు కూడా ఉండదనుకున్నా."

మార్లిస్ అతనికి వినిపించేలా, దగ్గరికొచ్చి కూర్చుంది. "మోగట్లేదు. అస్సలు మోగట్లేదు. కానీ ఎల్డన్, చప్పుడుతో ఎలాగో పడుండేదాన్ని. మెలకువొస్తే పక్కన నువ్వుంటావు. ఏం చెప్పినా ఊ అంటావు. మధ్యాహ్నం కూడా ఊ అన్నావు, ఏం అడిగానో తెలుసా? కొనేవాళ్లని రేపే రమ్మననా అని. ఈ బండిలో నా మాటకి బదులు చెప్పేది ఆ పంపొక్కటే. అదీ విసుక్కుంటూ."

ఎల్డన్ తడి తువ్వాలు పక్కన పెట్టాడు. తరవాత లేచి సొరుగు తీశాడు. చెవి మిషన్లు పెట్టుకోగానే సింకులో నీళ్లు పడే చప్పుడు వినిపించింది. దాని వెనక మార్లిస్ ముక్కు చీదుకోవడం వినిపించింది. ఇన్నాళ్లూ ఆమె ఏడ్చినా తనకు తెలియలేదన్నమాట. అతనికి చాలా బాధేసింది, ఆ మాటే పైకి చెప్పాడు. చీకటిపడే దాకా ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. అన్నిటికీ అతను బదులు చెప్పాడు. బండి సంగతి ఆమె ఎలా అంటే అలాగేనని మాట కూడా ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆరెగాన్ దంపతులు వచ్చేశారు. అమ్మాలో వద్దో తేల్చుకునే సమయం మిగల్లేదు. భర్త టైర్లు చూశాడు. భార్య తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, చెవి రిక్కించి, పంపు వేసే ఉందా అని రెండుసార్లు అడిగింది. తాము చూసిన బండ్లన్నిటిలో పంపు చప్పుడే తనను బెదరగొట్టిందని, ఇంత ప్రశాంతమైన బండి ఎక్కడా చూడలేదని సంబరపడింది. అడిగిన ధర ఇస్తామని, బేరం కూడా ఆడబోమని భర్త అనేశాడు. చెవి మిషన్ల పుణ్యమా అని ఎల్డన్ ప్రతి అక్షరమూ విన్నాడు. బండి దక్కించుకోవడానికి చేసిన పనే బండిని అమ్మిపెడుతోంది. మార్లిస్‌కు మాటిచ్చి ఉన్నాడు గనక అడ్డం చెప్పలేదు. కిటికీలోంచి కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మార్లిస్ పరుపు పక్కకు జరిపి మంచం మూత ఎత్తింది.

"చప్పుడు రానిది దీనివల్ల. ఇది నా చెప్పు," అంది.

ఆరెగాన్ ఆవిడ వంగి చూసి నవ్వింది. "దానికేముందండీ, మీకు కొత్త జత కొనిస్తాం."

"చెప్పు బండితో రాదు. ఇచ్చేది లేదు."

ఆవిడ మొగుడి వంక చూసింది. మొగుడు మార్లిస్ వంక చూసి, ఎల్డన్ వంక చూసి, టోపీ పెట్టుకున్నాడు. మిగతా బండ్లు చూసుకోవాలంటూ మర్యాదగానే సెలవు తీసుకున్నారు. ఎల్డన్ ఏదో అనబోతే, ముందు కాఫీ పెట్టమని, ఆ మాట తాగుతూ చెప్పమని మార్లిస్ అంది.

ఆ చలికాలమంతా మార్లిస్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి మేజోడుతో తిరిగింది. ఆ ఒంటి చెప్పు టపటపకు తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోందని ఎల్డన్ రోజూ గొణిగేవాడు.