జంగు తల్వారు

ఆ గురువారం పొద్దున దేవయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఇంజినీరు సాబుకు చాయ్ ఇచ్చి, ఆయన మూతి మీద నవ్వు కనబడగానే, గుండుసూది గుచ్చిన లీవు కాగితం ముందు పెట్టి సంతకం చేయించుకోవడం. ఒమాన్ దేశంలోని ఇబ్రాకు వచ్చి రెండేళ్లు. బయల్దేరేనాటికి భార్య సత్తవ్వ కడుపుతో ఉంది. కూతురు ఇప్పుడు గడప దాటి నడుస్తోందని జాబు వచ్చింది. ఆ పిల్ల మొహం తెలియదు గనక దేవయ్య రోజుకొక మొహం ఊహించుకునేవాడు.

ఊళ్లో అతను కమ్మరి. కంపెనీలో ఇనుప చువ్వలు వంచుతుంటే, చెయ్యి నెమ్మదైనదని సాబు బంగళా పనికి తెచ్చుకున్నాడు. సాబుకు జపాను కత్తుల పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి ఆఫీసర్లు నడుముకు కట్టుకున్నవి పదకొండు గోడకు వేలాడుతున్నాయి. పన్నెండోది మొన్ననే వచ్చింది. పిడీ ఒరా యుద్ధకాలానివే అయినా కత్తి మాత్రం నాలుగు వందల ఏళ్లదని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడట.

చాయ్ తాగుతూ సాబు ఆ కత్తి పిడి ఊడదీసి, తెల్లగుడ్డ మీద పడుకోబెట్టాడు. దాన్ని పరీక్ష చేసే ముసలి మేజరును మస్కట్ నుంచి రేపు మధ్యాహ్నానికి తీసుకొస్తానన్నాడు. లీవు కాగితం మీద సంతకం ఆ తర్వాతేనన్నాడు. కారెక్కుతూ తనకొచ్చిన హిందీలో ఒక మాట చెప్పాడు.

"జంగ్ కా తల్వార్. సంభాలో."

దేవయ్య కత్తి ముందు కూర్చున్నాడు. వాదర పొడుగునా తెల్లని అల ఒకటి పోతోంది. బయట ఖర్జూరపు తోటలోకి కాలువ నీళ్లు సన్నగా పారుతున్నాయి. చూస్తూ ఉంటే ఆ తెల్లని అల మీద ఒక చిన్నపిల్ల తప్పటడుగులు వేస్తూ తన వైపే వస్తోంది. ఎంతసేపు అలా కూర్చున్నాడో అతనికే తెలియదు. పిల్ల పిడి ఊడదీసిన చోటి దాకా వచ్చేసరికి అక్కడ తుప్పు కనబడింది.

దేవయ్య ఊరి దిక్కున తుప్పును జంగు అంటారు. అంటే సాబు జంగు తల్వారును బాగుచెయ్యమని చెప్పి పోయాడన్నమాట. కమ్మరివాడికి ఇది వేరే చెప్పాలా? చింతపండు, సన్నని ఇసుక తెచ్చుకున్నాడు. రెండు తోముళ్లకే జంగంతా పోయింది. ఇంత సులువుగా పోవడమేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చినా, చేతికి చాలా రోజులకు దొరికిన సొంత పని కదా, పట్టించుకోలేదు. అడుగున చిన్న ముద్రా, అంకెలూ బయటపడ్డాయి. ఆయుధం గనక కుంకుమ బొట్టు కూడా పెట్టాడు.

సరిగ్గా అప్పుడే స్టోరు చూసుకునే హైదరాబాదు గులాం నబీ లోపలికొచ్చి, నెత్తి పట్టుకున్నాడు.

"జంగ్ అంటే లడాయి, భాయ్. లడాయి కత్తి, జాగ్రత్త అన్నడు సాబ్. ఆ మేజర్ వచ్చేదే జంగు చూసి దాని ఉమర్ ఎన్నేండ్లో చెప్పేతందుకు."

దేవయ్య మనసులో విమానం అతన్ని వదిలేసి ఎగిరిపోయింది.

పోయిన తుప్పును మళ్లీ తెప్పించాలి. ఉప్పునీళ్ల గోనెపట్టా చుట్టి ఎండలో పెట్టాడు. శుక్రవారం పొద్దుటికి తుప్పు వచ్చింది గానీ మిరపకాయ బజ్జీ రంగులో వచ్చింది. పాతది నల్లగా ఉండాలని రూములో ఉండే గంగన్న చాయ్ డికాక్షన్ పోయించాడు. అది నిలబడటం లేదని ఖర్జూరపు పాకం పూయించాడు. రంగు అచ్చంగా కుదిరింది. చీమలకూ నచ్చింది.

మధ్యాహ్నం మేజరు కత్తి ఎత్తేసరికి చీమలు వరస తప్పకుండా ఆయన చొక్కా చేతిలోకి నడిచాయి. సాబు మొహం కందిపోయింది. లీవు ఎలాగూ పోయిందనుకున్న దేవయ్య జరిగిందంతా చెప్పేశాడు. గులాం నబీ దాన్ని సాబుకు తర్జుమా చేసి వినిపించాడు. చివరి మాట మాత్రం దేవయ్య ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"తప్పే, సాబ్. కాని నేను కమ్మరోన్ని. అసలు జంగైతె చింతపండుకు గంత అల్కగ పోదు. అది ఎవలో పూసిన జంగు."

మేజరు చీమలు దులుపుకోవడం ఆపాడు. పాకం తుడిచి, భూతద్దంలో ముద్రను చాలాసేపు చూసి, ఇది యుద్ధం రోజుల్లో కార్ఖానాలో వేలకొద్దీ తయారైన రకమనీ, ముద్ర కనబడకుండా పైన దొంగ తుప్పు పూశారనీ తేల్చాడు. సాబు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి గోడ మీది పదకొండింటినీ చూశాడు. అవన్నీ అమ్మింది ఈ కత్తి అమ్మినవాడే. తర్వాత దేవయ్యను చూశాడు. రెండేళ్లలో ఆయన అంత ప్రేమగా చూడటం అదే మొదలు.

ఇలాంటి చెయ్యి మళ్లీ దొరకదనీ, పదకొండూ పరీక్ష చేసేదాకా దేవయ్యను కదలనివ్వననీ అన్నాడు. మస్కట్‌లో తన దగ్గరా ముప్పై ఉన్నాయని మేజరు గుర్తుచేశాడు. లీవు కాగితం సొరుగులోకి వెళ్లింది. ఏడవాలో గర్వపడాలో తెలియక దేవయ్య చింతపండు నానబెట్టాడు.

రెండు నెలలకు ఆ కాగితానికి గుచ్చిన గుండుసూదికి జంగు పట్టింది. అది అసలుదేనని దేవయ్య చూడగానే చెప్పాడు.