రెండో యూనిట్ స్టాండ్‌బై పంపు

మంగళవారం ఉదయం పదింటికి దుగ్గిరాల విశ్వమోహన్‌ను రెండో యూనిట్‌లో సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, నాలుగు బోల్టులతో బిగించి, ఇకనుంచి అతను స్టాండ్‌బై పంపు అని రిజిస్టర్‌లో రాశారు. ఎడమ పక్కటెముకల కింద ట్యాంకు నుంచి వచ్చే గొట్టం, కుడి భుజం దగ్గర పైకి పోయే గొట్టం. అతుకులో గాస్కెట్ రబ్బరు సరిగా కూర్చోలేదని ఫిట్టర్లు రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించారు తప్ప వేరే ఇబ్బందేమీ రాలేదు. కొత్త పంపులు రావడానికి తొమ్మిది నెలలు పడుతుందనీ, అందాకా అర్హులైన సిబ్బందిని వాడుకోవచ్చనీ సర్క్యులర్ వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ తొమ్మిది నెలల మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు.

విశ్వమోహన్ కొత్తవాడేమీ కాదు. ఇదే కర్మాగారం డిజైన్ ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు పంపుల లెక్కలు కట్టాడు. ఏ గొట్టంలో గంటకు ఎంత ద్రవం పోవాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి, దానికి ఎంత పంపు కావాలి అని డేటాషీట్లు రాయడమే అతని పని. అందుకే అర్హుల జాబితాలో అతని పేరు పైన ఉంది. ఇంటివాళ్ళ సమ్మతి కావాలంటే భార్య సుగుణ వచ్చి సంతకం చేసింది. సెలవులుంటాయా అని అడిగితే, స్టాండ్‌బై అంటేనే సెలవు కదమ్మా అన్నారు పర్సనల్ ఆఫీసులో. ఆవిడకు ఆ మాట నచ్చింది.

నిజానికి స్టాండ్‌బైకి చేయాల్సిన పనేమీ ఉండదు. పక్క దిమ్మ మీద నడుస్తున్న పంపు ఆగిపోతే, రెండు సెకన్లలో తనంతట తాను మొదలవ్వాలి. అంతవరకు కడుపులో ద్రవం నింపుకుని నిలబడాలి, అంతే. పట్టేయకుండా ఉండడానికి ప్రతి సోమవారం ఫోర్‌మన్ తవుడు వచ్చి అతని మెడను చేత్తో సగం చుట్టు తిప్పి, ఆ ముఖం వెనక్కే ఉంచేసి వెళ్ళేవాడు. పై సోమవారం మళ్ళీ ముందుకు తిప్పేవాడు. ముఖం వెనక్కి ఉన్న వారాల్లో విశ్వమోహన్‌కు గోడ కనిపించేది. ముందుకు ఉన్న వారాల్లో గొర్లె పైడయ్య కనిపించేవాడు.

గోడే నయమనిపించేది. పైడయ్య పద్నాలుగు నెలలుగా ఆగకుండా నడుస్తున్న పంపు. వారానికోసారి పంపులు మార్చి నడపాలని నిబంధన ఉంది గానీ, నడుస్తున్నదాని జోలికి పోకూడదన్నది ఆ యూనిట్‌లో అంతకంటే గట్టి నిబంధన. పైడయ్య ఛాతీలో గులకరాళ్ళు పోసి గిలకరించినట్టు చప్పుడు. బుగ్గలు అదిరేవి, పళ్ళు టకటకలాడేవి. మాట్లాడితే ఆ అదురుకి మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు? బయమేత్తందా?" అని అడిగాడు పైడయ్య మొదటి వారంలోనే.

"ఆ చప్పుడేమిటి పైడయ్యా?"

"ఏటోనండి. నాకొచ్చీది గుక్కెడు, పొయ్యమనీది బిందెడు. మద్దిన తగ్గీది నా లోపల్నించే పోతన్నట్టుందండి."

పైడయ్య చెప్పింది అక్షరాలా నిజమని ఆ ఆవరణలో అందరికంటే బాగా తెలిసినవాడు విశ్వమోహనే. ఆ గొట్టం లెక్క కట్టింది అతనే మరి.

ఆ గొట్టంలో నిజంగా పోవాల్సింది గంటకు ముప్పై ఘనపు మీటర్లు. అప్పట్లో విశ్వమోహన్ జాగ్రత్త కోసం పది శాతం కలిపి ముప్పై మూడు రాశాడు. లెక్క సరిచూసిన శ్యామల, తన జాగ్రత్త తను పడాలి కాబట్టి, ముప్పై ఆరున్నర చేసింది. సెక్షన్ హెడ్ నలభై చేశాడు. కొనుగోలు విభాగం నలభై నాలుగు అడిగింది. అమ్మేవాడి దగ్గర యాభైది తప్ప లేదు. ఎవరూ తప్పు చేయలేదు. చిన్నదైతే పీకల మీదికొస్తుంది గానీ, పెద్దదైందని ఇంతవరకు ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఇక ద్రవం వచ్చే ట్యాంకు ఎత్తు మీద మాత్రం పది శాతం కలపాలని ఎవరికీ తోచలేదు. దాన్ని నేలకు ఆనించే కట్టారు.

మొదట్లో ఆపరేటర్లు పైకి పోయే వాల్వును సగం మూసి, ముప్పైకి సరిపెట్టి నడిపేవాళ్ళు. తర్వాత వచ్చిన ప్లాంట్ మేనేజర్ గారు డేటాషీట్ చదివే మనిషి. యాభై అని రాసి ఉండగా ముప్పై ఇవ్వడం బద్ధకం కిందికి వస్తుందని వాల్వు పూర్తిగా తెరిపించారు. ఎక్కువైన ఇరవై, బైపాస్ గొట్టంలోంచి తిరిగి అదే ట్యాంకులో పడుతుంది. పైడయ్య దాన్ని మళ్ళీ తోడతాడు. అది మళ్ళీ పడుతుంది. నేలబారు ట్యాంకు నుంచి అంత వేగంగా లాగేసరికి ద్రవం అందక, దారిలోనే మరిగినట్టు బుడగలు కట్టి, లోపలికొచ్చాక ఒక్కొక్కటే పగులుతుంది. పగిలిన ప్రతి బుడగా పంపులోంచి ఆవగింజంత ముక్క కొరుక్కుపోతుంది. గులకరాళ్ళ చప్పుడంటే అదే.

పైడయ్య ఎన్నాళ్ళు ఆగుతాడో విశ్వమోహన్ మనసులో లెక్క వేసుకున్నాడు. మూడు నెలలు వచ్చింది. ఈసారి జాగ్రత్త కోసం ఏమీ కలపలేదు.

ఆ మూడు నెలల్లో డేటాషీట్ మారాలి. యాభై కొట్టేసి ముప్పై రాస్తే వాల్వు మూస్తారు, చప్పుడు ఆగుతుంది, పైడయ్య బతుకుతాడు, తనూ బతుకుతాడు. తవుడు చేత కాగితం పట్టించుకుని, అదురు లేని చేతితో, సవరణ కోరుతూ అర్జీ రాశాడు. తన పది శాతం తనే తీసేసి ముప్పై అని రాసి, కింద సంతకం పెట్టాడు. పంతొమ్మిదేళ్ళలో ఏమీ కలపకుండా అతను రాసిన మొదటి అంకె అది.

అర్జీని ఎవరూ తోసిపుచ్చలేదు. అందరూ మెచ్చుకున్నారు. విషయం ప్రాణాలకు సంబంధించింది కాబట్టి మరింత జాగ్రత్త అవసరమని సెక్షన్ హెడ్ నోటు రాశాడు. లెక్కలన్నీ మొదటి నుంచి తిరగేశారు. పదకొండు వారాల తర్వాత సవరించిన డేటాషీట్ వచ్చింది. అందులో యాభై ఐదు అని ఉంది.

తవుడు దాన్ని రెండు పంపుల మధ్య స్తంభానికి అతికించాడు. "మంచిదే కదండి సారూ," అన్నాడు. "పంపుల మీద ఆల్లకి నమ్మకం పెరిగింది."

"తవుడూ, ఒక్కసారి పైడయ్య ఛాతీ మీద చెయ్యి వేసి చూడు."

తవుడు ఇనుప కమ్మీ ఒక కొస పైడయ్య రొమ్ముకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. "ఏటీ అవదు సారూ. పంపులన్నీ ఇలాగే కూత్తాయి. కూయకపోతేనే అనుమానించాల," అని కమ్మీ తుడుచుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

పైడయ్య ఆ గురువారం మధ్యాహ్నం ఆగిపోయాడు. ముందు చప్పుడు ఆగింది. పదిహేడు నెలల తర్వాత యూనిట్ నిశ్శబ్దంగా ఉంది. "అమ్మయ్య," అన్నాడు పైడయ్య, ముక్కలవ్వని గొంతుతో. విశ్వమోహన్ వద్దు వద్దని అరవబోయాడు. అప్పటికి రెండు సెకన్లు అయిపోయాయి.

నొప్పి అతను అనుకున్నంత లేదు. దప్పికే ఎక్కువ. ఒళ్ళంతా నోరైనట్టు దప్పిక, ఎంత లాగినా అందదు, అందినదాన్ని ఉంచుకునే వీల్లేదు. మొదటి బుడగ పగిలినప్పుడు, తాను మొదటి ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొచ్చి ఆ గుర్తు అలాగే వెళ్ళిపోయింది. రెండో బుడగ దేన్ని తీసుకుపోయిందో అతనికి తెలియలేదు. అంతకంటే భయం వేసింది ఆ తెలియకపోవడానికే.

పైడయ్యను చైన్ బ్లాక్‌తో ఎత్తి వర్క్‌షాపుకు తీసుకెళ్ళారు. విప్పి చూస్తే లోపల జల్లెడలా ఉన్నాడట. సహజమైన అరుగుదల అని రిపోర్టు రాసి, అతని పేరున్న రేకును విప్పి డబ్బాలో వేశారు. సుగుణ ఆదివారం పాసు మీద వచ్చి, అదురుతున్న భర్తను చూసి ముందు కంగారుపడింది. తర్వాత పక్క క్వార్టర్స్‌లో బ్యాంకుకు వెళ్ళే ఆయనా, కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఆయనా సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే ఇంచుమించు ఇలాగే ఉంటారని గుర్తొచ్చి, కొంగుతో అతని నుదురు తుడిచి వెళ్ళిపోయింది.

ఖాళీ అయిన దిమ్మ మీదికి పదో రోజున శ్యామలను తెచ్చారు. లెక్కలు సరిచూసే శ్యామలే. బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆమె అతని ఛాతీ చప్పుడే వింటూ ఉంది. ఫిట్టర్లు వెళ్ళాక మాట్లాడింది.

"సార్, నా డేటాషీట్ ఇంకా ఖాళీగానే ఉంది. సామర్థ్యం ఎంతో, అనుభవమున్న పంపు చేత రాయించాలట. మీరే రాయాలి. ముప్పై అని రాయండి సార్. అసలు లెక్క మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు రాస్తే ఈసారి ఒప్పుకుంటారు."

"ఒప్పుకుంటారా?"

"నడుస్తున్న పంపు మాట కాదనలేరు సార్. నియమం చూశాను."

ఆమె చూసిందంటే నియమం ఉండే ఉంటుంది. విశ్వమోహన్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కూడా కుడి భుజంలోంచి పైకి పోయాయి. తవుడు ఫారం తెచ్చి అతని ముందు పట్టుకున్నాడు. కలం అందుకుని అతను ముప్పైలోని మూడు అంకె మొదలుపెట్టబోయాడు.

అప్పుడు కలం ఆపాడు. ఫారం అడుగున రెండో నియమం ఉంది. నడుస్తున్న పంపు కంటే తక్కువ సామర్థ్యం ఉన్నదాన్ని దానికి స్టాండ్‌బైగా లెక్కించరు. తన రేకు మీద యాభై ఐదు ఉంది. ఆమె ముప్పై అయితే ఆమెను విప్పి ఇంటికి పంపేస్తారు. పక్క దిమ్మ ఖాళీగా ఉంటుంది. పక్కన ఇంకొకరు లేకుండా నడుస్తున్న పంపును ఎవరూ ఆపరు, ఏ కారణానికీ ఆపరు.

శ్యామల అతని కలం వంకే చూస్తోంది. ఇంకో బుడగ పగిలింది. దానితో పాటు ఏదో పోయింది, ఆమె ఇందాక అడిగినదే కావచ్చు. విశ్వమోహన్ చెయ్యి అదురుతూనే ఉంది గానీ, రాసిన అంకె మాత్రం తవుడికి స్పష్టంగా కనబడింది. యాభై ఐదు అని రాశాడు. కాసేపు చూసుకుని, దాన్ని కొట్టేసి, జాగ్రత్త కోసం అరవై ఒకటి చేశాడు.