పంపాపతి తీయబోయిన తాబేలు ఫొటో

పంపాపతి శెట్టికి బళ్ళారి బెంగళూరు రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. బజారులో మాత్రం ఆయన్ని అందరూ ‘ప్రాజెక్టు పంపాపతి’ అంటారు. తుంగభద్ర ప్రాజెక్టుకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. గోడకు మేకు కొట్టాలన్నా ముందు ప్లాను గీస్తాడు, తర్వాత గోడ పడగొడతాడు. అందుకని ఆ పేరు.

ఎనభై ఎనిమిదిలో, ఎండలు మండే మే నెలలో, ఈయన చేతికి ఒక చిన్న కెమెరా చిక్కింది. మద్రాసు బర్మా బజారు సరుకు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఫ్లాషు దాంట్లోనే ఉంటుంది. మీట నొక్కి వదిలేస్తే కాసేపాగి తనంతట తానే ఫొటో తీసుకుంటుంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్లయింది.

అంగడి క్యాలెండరుకు మంచి బొమ్మ కావాలనుకున్నాడు. సోమవారం పొద్దున భార్య రాజలక్ష్మి వంటింట్లో ఉండగా, బీరువాలోంచి ఆమె కాసుల హారం చప్పుడు కాకుండా తీశాడు. పెరట్లో బావి గట్టు మీద కొత్త స్టీలు బిందె పెట్టి, దాని మెడకు హారం వేశాడు. బిందెకు లక్ష్మీకళ వచ్చేసింది. హారం ఇంకొంచెం పక్కకుంటే బాగుంటుందని మోచేత్తో జరిపాడు. బిందె ఉన్నచోటే ఉంది. హారం మాత్రం బుడుంగున బావిలో పడింది.

పంపాపతి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే శుక్రవారం ఇంట్లో గంగపూజ. పురిటికి వచ్చిన పెద్దకూతురు బావికి పసుపూ కుంకుమా పెట్టి మొదటి చేద తోడాలి. తోడేటప్పుడు ఆమె మెడలో ఆ హారం ఉండాలి. అది రాజలక్ష్మికి వాళ్ళ అవ్వ ఇచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళందరూ బాలింతలప్పుడు వేసుకున్నదే. అరిచే పెళ్ళామైతే ఎట్లాగో తట్టుకోవచ్చు. రాజలక్ష్మి అరవదు, ఒక్కసారి నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పుకు ఆయనకు వారం రోజులు అన్నం సహించదు.

తానే బావిలోకి దిగాలంటే తాడు పట్టుకోవడానికి ఆరుగురు కావాలి. శరీరం అలాంటిది. బావిలో పడినవి తీసే పాతాళగరిగె పక్కింటి నుంచి తెచ్చి కెలికితే, ఆ కొక్కేల మోతకు వీధంతా వచ్చి ‘ఏం పడింది?’ అంటుంది. కాబట్టి హారం ఏ మూలనుందో ముందు గుట్టుగా తెలుసుకోవాలి, ఆ తర్వాత ఒక్క దెబ్బకు లాగేయాలి. ఎలాగన్నది, మధ్యాహ్నం భోంచేసి మంచమెక్కి, కళ్ళు మూసుకుని ఆలోచించాడు. గురక పెట్టి మరీ ఆలోచించాడు. లేచేసరికి ప్లాను సిద్ధంగా ఉంది.

“ఏమే రాజీ, ఆవకాయ సీసా ఖాళీ చేసి ఇయ్యి.”

“ఎందుకండీ?”

“కెమెరాకు.”

“కెమెరాను ఊరేస్తారా ఏంది?”

“బావిలో తాబేలు ఉండాది కదా. నీళ్ళల్లో ఉండంగానే దాని ఫొటో తియ్యల్ల. పోటీకి పంపిస్తా.”

“పెండ్లయినప్పట్నుంచి నాకొక ఫొటో తియ్యమని అడుగుతాండా. తాబేలుకు తీస్తారా?”

“తాబేలైతే కదలకుండా ఉంటాదే.”

“నేను కదుల్తానా?”

“నువ్వు మాట్లాడతావు.”

రాజలక్ష్మి ఆవకాయ వేరే జాడీలోకి తోడి, సీసా కడిగి ఇచ్చింది. ఇస్తూ, “దాని మెడలో ఏమన్నా నగ వేస్తే ఇంకా లక్షణంగా ఉంటాది కదండీ?” అంది. పంపాపతికి ఏమీ తినకుండానే పొలమారింది.

మీట నొక్కాలి, కెమెరాను సీసాలో పెట్టాలి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి మూత బిగించాలి, తాడు కట్టి బావిలో దించాలి. ఇదంతా అయ్యేదాకా కెమెరా ఆగాలి. అది ఎవరి కోసమూ ఆగే రకం కాదు. మొదటి ఫొటోలో ఆయన ముక్కు పడింది. తర్వాతి దాంట్లో, నోరు తెరిచి చూస్తున్న పక్కింటి మేక పడింది. చివరికి ఎట్లాగో ఒకటి నీళ్ళ అడుగున పడింది.

ఆ రీలు పట్టుకుని స్టూడియో ఇంద్రసేన దగ్గరికి పరుగెత్తాడు. ఊళ్ళో పెండ్లిళ్ళకూ పేరంటాలకూ ఫొటోలు తీసేది అతనే. చీకటిగదిలో కడిగి తెచ్చిన ఫొటో నిండా తెల్లటి చుక్కలు.

“బళ్ళారిలో మంచు ఎప్పుడు పడింది శెట్రే?”

“అది మా బావప్పా. తాబేలు యాడుందో చూడు.”

“కెమెరా ఫ్లాషు లెన్సు పక్కనే ఉండాది. నీళ్ళల్లో మట్టంతా ముందే మెరిసిపోయింది. కూరెకుప్ప కాడ ఇనుప మైన్ల ధూళిలో లారీ హెడ్‌లైటు వేస్తే ఏం కనపడతాది?”

“ధూళి.”

“ఇదీ అంతే. లైటు కెమెరాకు దూరంగా ఉండల్ల, పక్క నుంచి పడల్ల.” ఇంద్రసేన లోపలికి పోయి ఇంకో ఫ్లాషు తెచ్చాడు. “ఇది పెట్టుకో. స్లేవు అంటారు.”

“వైరు యాడప్పా?”

“వైరు లేదు. ఇంకో ఫ్లాషు వెలిగితే చూసి ఇదీ వెలుగుతాది.”

“ఎవరి ఫ్లాషైనా?”

“ఎవరిదైనా. దానికి మనోళ్ళు, పరాయోళ్ళు తెలీదు.”

పంపాపతి మరో సీసా అడిగాడు. రాజలక్ష్మి మాగాయ ఖాళీ చేసింది. ఇంట్లో ఊరగాయలన్నీ గిన్నెల్లోకి వచ్చి కూర్చున్నాయి. పాత గొడుగు తెచ్చి, ఒక కొసకు కెమెరా సీసా, ఇంకో కొసకు ఫ్లాషు సీసా కట్టాడు. కెమెరా ఫ్లాషుకు ముందువైపు నల్ల కాగితం అడ్డం పెట్టి, స్లేవుకు కనపడేలా పక్కన మాత్రం సందు వదిలాడు. అంతా బాగానే ఉంది గానీ, అది గొడుగన్న సంగతి మరిచిపోయాడు. బావి అడుగున అది ఫట్టుమని తెరుచుకుంది.

గంటసేపు లాగితే తలకిందులుగా పైకి వచ్చింది. గొడుగులో తాబేలు కూర్చుని ఉంది.

“ఇదో మీ తాబేలు, తనే వచ్చింది. ఇంగ తీసుకోండి ఫొటో,” అంది రాజలక్ష్మి.

పంపాపతి తాబేలును చూశాడు. తాబేలు పంపాపతిని చూసింది.

“గట్టు మీద తీస్తే ప్రైజు రాదే. నీళ్ళల్లోనే తియ్యల్ల,” అని దాన్ని తీసి మళ్ళీ బావిలో వేశాడు. రాజలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పాపం ఏడుస్తోందేమో అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆఖరి ప్రయత్నం. ఈసారి బట్టలారేసే కర్రకు సీసాలు కట్టి దించాడు. దించీ దించగానే పెరట్లోకి పేరంటాళ్ళు వచ్చేశారు. ముందర అత్తగారు వరలక్ష్మమ్మ, వెనక పసుపు పళ్ళెంతో రాజలక్ష్మి, ఆ వెనక కెమెరా మెళ్ళో వేసుకుని ఇంద్రసేన. పంపాపతి తాడును గుంజకు చుట్టేసి, బావికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

“పక్కకు జరుగు అల్లుడప్పా, గంగకు పూజ చెయ్యల్ల,” అంది వరలక్ష్మమ్మ.

జరిగాడు. కూతురు బిడ్డనెత్తుకుని వస్తున్న గజ్జెల చప్పుడు వినపడింది. ఆ బోసి మెడ చూడలేక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంద్రసేన ఫొటో తీశాడు. ఫ్లాషు వెలిగింది.

బావిలోంచి ఫెళ్ళున ఇంకో వెలుగు వచ్చింది.

“అమ్మా! గంగమ్మ కన్ను తెరిచిందే!” అని వరలక్ష్మమ్మ కేక పెట్టింది. పేరంటాళ్ళందరూ చెంపలు వేసుకున్నారు. “ఇంకొకటి తియ్యప్పా,” అన్నారు. ఇంద్రసేన బిత్తరపోయి ఇంకొకటి తీశాడు. గంగమ్మ మళ్ళీ పలికింది. ఒకావిడకు పూనకం రాబోయి, పట్టుచీర తడుస్తుందని ఆగిపోయింది.

“తల్లి బంగారం అడుగుతాండాది! ఆ కాసుల హారం తీసి బావిలో వెయ్యమ్మా!” అని వరలక్ష్మమ్మ మనవరాలి మీదికి వెళ్ళింది.

“ఏ హారం?” అని పంపాపతి కళ్ళు తెరిచాడు. కూతురి మెడలో కాసుల హారం తళతళలాడుతోంది. ఆయన బావిని చూశాడు, హారాన్ని చూశాడు, మళ్ళీ బావిని చూశాడు.

“తొందరపడొద్దులే అమ్మా,” అంది రాజలక్ష్మి నింపాదిగా. “హారం సోమవారమే తల్లికి చూపించినాము. చూసుకొని వాపసు ఇచ్చేసింది.”

“మరి ఇప్పుడేం కావల్లంట?”

“ఇంటి యజమాని లోపలికొచ్చి మొక్కల్లంట.”

ఆడవాళ్ళందరూ ఒక్కసారి పంపాపతి వైపు తిరిగారు.

“నాకు ఈత రాదత్తా!”

“నడుము లోతు నీళ్ళకు ఈతేందప్పా, సుమ్నె గమ్మున దిగు!”

కాళ్ళావేళ్ళా పడినా ఎవరూ వినలేదు. నుదుట కుంకుమ పెట్టారు, నడుముకు తాడు కట్టారు. పేరంటాళ్ళు తాడు ఇట్లా పట్టారో లేదో, పంపాపతి బావి అడుగున తాబేలు పక్కన నిలబడి ఉన్నాడు. పై నుంచి రాజలక్ష్మి ముఖం ఒక్కటే గుండ్రంగా కనపడింది.

“ఇప్పుడు చెప్పండి. సోమవారం నుంచి నాతో ఏం చెప్పల్లని చెప్పలేకపోతాండారు?”

“అదేందంటే... తాబేలు...”

“తాడు మా చేతుల్లో ఉండాది, చూసుకోండి.”

“హారం నేనే పడేసినానే! క్యాలెండరు కోసరం తీసినా! నాదే తప్పు!”

ఆయన ఒకసారి అంటే బావి నాలుగుసార్లు అంది. వీధిలోవాళ్ళు కూడా విన్నారు.

“అది నీ చేతికి ఎప్పుడొచ్చిందే?” అన్నాడు పంపాపతి నీరసంగా.

“మీరు కండ్లు మూసుకొని ఆలోచిస్తాంటిరే, అప్పుడు. పడేది వంటింటి కిటికీలోంచి చూసినా కదా, పక్కింటి గరిగె తెచ్చి ఒక్కసారి వేస్తే వచ్చేసింది.”

“మరి నాతో ఒక్క మాట చెప్పకూడదా?”

“మీరే చెప్తారేమోనని చూస్తాంటి. దినామూ చూస్తాంటి.”

ఆ మాటకు పంపాపతికి చన్నీళ్ళలో ఉండి కూడా ముఖం వేడెక్కింది. నిజంగానే సిగ్గేసింది. ఇన్ని సీసాలు ఖాళీ చేయించినవాణ్ణి ఒక్క మాట చెప్పలేకపోయానే అని బాధపడ్డాడు.

“తప్పయిపోయిందే రాజీ. ఇంగ పైకి లాగండి.”

“లాగుతాము,” అంది రాజలక్ష్మి, గొంతు మెత్తబడి. పేరంటాళ్ళు తాడు బిగించారు. పంపాపతి కాళ్ళు నీళ్ళలోంచి పైకి లేచాయి. “ఇంకేమన్నా దాచిపెట్టింటే అదీ ఇప్పుడే చెప్పేయండి. మనసు తేలిక పడతాది.”

పంపాపతి గాల్లో వేలాడుతూ కాసేపు ఆలోచించాడు. మంచితనం పొంగుకొచ్చింది.

“పోయినేడు నీ వెండి కుంకుమభరిణ కనపడలేదని పనిమనిషిని మాన్పించినావు చూడు...”

పైన తాడు లాగుతున్న చేతులు ఆగిపోయాయి.