నీడకు నాలుగు అంతస్తులు

ఠణ్!

కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఠణ్! ఈసారి కొంచెం దగ్గరగా. మరికాసేపటికి ఇంకో ఠణ్, దాని వెనకే ఒక బరువైన నిట్టూర్పు.

పాఠకులారా, కంగారుపడకండి. అది మా ఎడారి నగరపు గంట. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి అది మోగుతుంది. మేము డైనింగ్ టేబుల్ చుట్టూ సర్దుకుని కూర్చుంటాము. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందని మీరు అడగవచ్చు. మేము అడగలేదు. నగరమన్నాక గంట ఉండాలి. మాకు గంట దొరికింది. దొరికిన గంటను ప్రశ్నలతో విసిగించడం సంస్కారం కాదు!

ఇక అసలు విషయానికి వస్తాను. రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ఆట ఇళ్ళలోకి చొరబడి ఆదివారాలను మింగేస్తోందనీ, టేబుళ్ళను ఆక్రమించుకుని మనుషులు నిలబడి తినే గతి పట్టిస్తోందనీ కొందరు పెద్దలు వాపోతున్నారు. వారితో నేను సవినయంగా విభేదిస్తున్నాను. ఆ ఆట వరం! అందులోనూ వర్గాలుగా చీలిన ఎడారి నగరం మహావరం! ఇంటింటికీ కుక్కర్ ఉన్నట్టే ఇంటింటికీ ఒక ఎడారి నగరం ఉండి తీరాలి!

ఎరగనివారికి రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, కుర్చీలోంచి లేవకుండానే సాహసాలు చేస్తారు. సాహసం ఫలించిందా, బెడిసిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా ఇంట్లో కథ నడిపేది అక్క. బడిలో భూగోళం చెబుతుంది కనుక ఎడారులన్నీ ఆమె చెప్పుచేతల్లో ఉంటాయి.

బావ మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి. ఆటలో నగర ద్వారపాలకుడు. ఇంట్లో "వద్దు" అనే అదృష్టానికి ఏనాడూ నోచుకోని ఆ మనిషి, ద్వారం దగ్గర నిలబడి "వద్దు" అంటుంటే ఆ ముఖంలో వెలుగు చూడాలి! పక్క ఫ్లాటు పళ్ళ డాక్టరుగారు పేదల పక్షాన పోరాడే విప్లవ నాయకుడు. నేనొక ఉన్నత వంశపు ఒంటెకు యజమానిని.

మొదటి ఆదివారం పటం గీయడానికి కాగితం లేకపోయింది. బావ తన సంఘం ఫైల్లోంచి, వెనకవైపు ఖాళీగా ఉన్న మందపాటి కాగితం ఒకటి లాగి ఇచ్చాడు. ఏం కాగితమండీ అది! నడిబొడ్డున నలుచదరంగా చిన్న ఉబ్బు. మహనీయులు ఎక్కడ నివసించాలో ప్రకృతే వేలెత్తి చూపినట్టు లేదూ? రాజప్రాసాదం అక్కడే కట్టాము. ఒక మూల టీ ఒలికింది. తడిసినచోట లోపలినుంచి లేత పచ్చని చారలు తేలాయి. ఒయాసిస్సు! కొండనూ కొలనునూ ప్రకృతే ప్రసాదించాక, సామాజిక అన్యాయం ఒక్కటే మేము కష్టపడి గీసుకోవలసి వచ్చింది. గీసి, కదలకుండా నాలుగువైపులా టేపు వేసి టేబుల్‌కు అంటించాము.

ఆ నగరంలో ఐశ్వర్యమంటే నీడ. ఎవరి నీడ ఎంతో, వారి అంతస్తు అంత.

పై అంతస్తులో నీడదొరలు. వారిది పిత్రార్జితమైన నీడ. తాతగారి మండపపు నీడలో సగం పెదనాన్నకు, సగం చిన్నాన్నకు, సాయంత్రం నాలుగు తరువాత సాగే తోకభాగం మేనత్తకు! ఆ తోక విషయమై ముప్ఫై ఏళ్ళుగా కోర్టులో దావా నడుస్తోంది. జడ్జిగారు స్థల పరిశీలనకు వచ్చినప్పుడల్లా మబ్బు పట్టి వాయిదా పడుతోంది.

రెండో అంతస్తులో అద్దెనీడ జనం. యజమానికి కోపం వస్తే నీడను చాపలా చుట్టి చంకన పెట్టుకుపోతాడు. మూడో అంతస్తులో గోడవారు. గోడ పక్కన పడే జానెడు నీడలో పక్కకు తిరిగి నడుస్తారు, పక్కకు తిరిగి తింటారు, పక్కకు తిరిగే నవ్వుతారు. ఆ వంశంలో ఎదురుగా ఉన్న మనిషిని చూసినవారు మూడు తరాలుగా లేరు!

అట్టడుగున ఎండవాడ. అక్కడివారికి ఉన్నది ఒక్కటే, సొంత ఒంటి నీడ. పైవారు వీధిలో వెళ్ళేటప్పుడు దానిని కూడా వారి దారిలో పరవాలి. మనిషి ఎంత లావయితే అంత గౌరవం! నా ఒంటె తొమ్మిదిమంది నీడల మీద అడుగులో అడుగు వేసుకుంటూ విహారానికి వెళ్ళిన దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు ఇంకోటి ఉంది. ఎండవాడలో ఎవరికీ పేర్లు ఉండవు. ఎందుకుండాలి? పేరు పెడితే పిలవాలి. పిలిస్తే పలుకుతారు. పలికితే ఏదో ఒకటి అడుగుతారు. ఎంత తలనొప్పి! పైగా అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఉన్న ద్వారాలకు అక్క ఒకే చట్టం విధించింది: ద్వారపాలకుడు మనిషి పేరు గట్టిగా పిలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తాళాలు అక్కరలేదు, కాపలా అక్కరలేదు. పేరులేని జనం కిందే ఉంటారు, నాగరికత పైనే ఉంటుంది. నా ఒంటెకు మటుకు పదకొండు బిరుదులు. అవన్నీ పిలిచేసరికి బావ గొంతు ఎండిపోయి టీకి విరామం ఇవ్వవలసి వచ్చేది.

ఈ ఆట వల్ల మా హృదయాలు ఎంత విశాలమయ్యాయో మీకెలా చెప్పను? మూడో ఆదివారం డాక్టరుగారు ఎండవాడ నడివీధిలో, అనగా మా డైనింగ్ టేబుల్ కొసన, నిలబడి ప్రసంగించారు. "పేరులేని నా సోదరులారా! మీ కోసం ప్రాణమైనా ఇస్తాను!" అంటూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆవేశం పట్టలేక కుర్చీలో కూలబడి, అలాగే ప్రసంగం సాగించారు. ఆ సమయానికి కుర్చీ కింద తడిగుడ్డ వచ్చింది. ఆయన కిందికి చూడకుండానే రెండు కాళ్ళూ పైకెత్తి, ప్రసంగం ఆపకుండా, గుడ్డ దాటిపోయాక దించారు. ఎంత సమన్వయం! ఎంత సాధన!

ఆ తడిగుడ్డ వెనక ఒక మనిషి ఉన్నదని మీరు ఊహించే ఉంటారు. మా ఆరు అంతస్తుల మెట్లూ తుడిచే ఆమె. అందరమూ "మెట్లమ్మా" అంటాము. మెట్లు అయ్యాక ఆదివారాలు మా హాలు కూడా తుడిచి వెళుతుంది. ఆమెకు కేటాయించిన కొళాయి ఒక్కటే, అదీ కింద. నీళ్ళు పైకి మోయాలి. బకెట్టు ప్రతి మలుపులోనూ ఇనుప కడ్డీకి తగులుతుంది.

ఠణ్!

అవును. మా నగరపు గంట అదే. ఆ సంగతి నాకు నాలుగో ఆదివారం తెలిసింది. తెలిసి ఏం చేశానంటారా? "గంట సహజంగా వస్తోంది, బాగుంది" అని అక్కను అభినందించాను.

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ లేదనుకునేరు. నిక్షేపంలా ఉంది. "పనివారు మెట్లు వాడుకోగలరు" అని దాని పక్కన బోర్డు కూడా ఉంది. ఆ "గలరు"లో ఎంత ఔదార్యం! లిఫ్ట్ కదలాలంటే కార్డు చూపించాలి. కార్డు ఇవ్వాలంటే సంఘానికి దరఖాస్తు పెట్టాలి. మోకాళ్ళు అరిగిపోయాయనీ, బకెట్టుతో ఇక ఎక్కలేననీ మెట్లమ్మ దరఖాస్తు పెట్టి నాలుగు నెలలయింది.

ప్రతి ఆదివారం గుడ్డ పిండుతూ అడిగేది. "నా కార్డు సంగతి ఏమయిందయ్యా?"

"పరిశీలనలో ఉందమ్మా," అనేవాడు బావ, పాచిక వేస్తూ. ఆ దరఖాస్తు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. కనిపించని కాగితం తప్పనిసరిగా పరిశీలనలోనే ఉండి ఉంటుందని అతని నమ్మకం.

మొన్న ఐదో ఆదివారం. రాజప్రాసాదంలో విందు. నీడదొరల కోసం ఏడు ఫౌంటెన్లు, వారి నెమళ్ళ కోసం ప్రత్యేక స్విమ్మింగ్ పూల్. అక్క వర్ణిస్తుంటే మాకు చెమటలు చల్లబడ్డాయి. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు.

"ఇన్ని నీళ్ళు పైకెట్లా వచ్చాయమ్మా?"

మెట్లమ్మ! తుడుపుకర్రకు గడ్డం ఆనించి పటం వైపు చూస్తోంది.

"కింద కొలను ఉంది కదా, మోసుకొస్తారు," అంది అక్క.

"ఎవరు?"

"ఎండవాడ వాళ్ళు."

"వాళ్ళకి తలుపు తెరవరన్నారుగా?"

పాఠకులారా, నలుగురమూ పటం మీదికి వంగి ఆ దారి వెతికాము. దొరకలేదు. ఐదు వారాలు! నీడకు దావాలు రాశాము, ఒంటెకు వంశవృక్షం గీశాము, నెమళ్ళకు ఈత నేర్పాము. పైకి నీళ్ళు వెళ్ళే దారి గీయడం నలుగురమూ మరిచిపోయాము! లెక్క ప్రకారం మా నగరం మొదటి వారంలోనే దాహంతో చచ్చిపోయి ఉండాలి. పదకొండు బిరుదుల నా ఒంటె సహా!

అక్క వెంటనే తీర్పు చెప్పింది. ఈ పూట ఎవరైనా ఒక్క బిందె పైకి చేర్చకపోతే నగరం అంతం, ఆట అంతం. మా పాత్రల కాగితాలు తిరగేశాము. కత్తియుద్ధం ఉంది. గారడీ ఉంది. ఉపన్యాసం ఉంది. బరువు మోయడం ఒక్కరికీ లేదు!

"మెట్లమ్మా, ఒక్క పది నిమిషాలు కూర్చో," అంది అక్క.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కొంగుకు చేయి తుడుచుకుని పాచిక వేసింది. పద్దెనిమిది! సాహసం ఫలించినట్టే!

"ఎలా ఎక్కుతున్నావో చెప్పు," అంది అక్క.

"పాదం అడ్డంగా వేసి ఎక్కుతున్నానమ్మా. తిన్నగా వేస్తే మోకాలు పట్టేస్తుంది. రెండో మలుపులో చెయ్యి మారుస్తాను. మధ్యలో దించను. దించితే మళ్ళీ ఎత్తబుద్ధి కాదు. ఎవరైనా ఎదురొస్తే గోడకు అతుక్కుంటాను, వాళ్ళ చెప్పులు తడవకుండా."

డాక్టరుగారు చిప్స్ నమలడం ఆపారు. ఇంత నిజంగా ఆడేవారిని మేము ఎన్నడూ చూడలేదు!

బిందె ద్వారం దాకా వచ్చింది. బావ గొంతు సవరించుకున్నాడు. "ఆగు! పేరు?"

"మంచి పేరు పెట్టుకో మెట్లమ్మా," అన్నారు డాక్టరుగారు ఉత్సాహంగా. "ఎడారి సింహం! ఇసుక తుఫాను! ఏదైనా!"

"నాకు పేరుంది డాక్టరుగారూ. రాసి కూడా ఇచ్చాను."

"ఎవరికి?"

"ఈ ద్వారం అయ్యగారికే." ఆమె పటం మూలకు వేలు చూపించింది. "ఆ పచ్చదనం ఏమిటన్నారు?"

"ఒయాసిస్సు," అన్నాను నేను, నగర చరిత్ర నాకు కంఠస్థం కనుక.

"కాదు బాబూ. అది మా అమ్మాయి పెన్ను. ఇంట్లో పచ్చ ఇంకు పెన్ను ఒక్కటే ఉంటే దాంతోనే రాసింది. ఆ మధ్యన ఉబ్బింది చూశారూ, అది నేను అంటించిన ఫోటో. మీ రాజుగారు ఐదు వారాలబట్టి నా ముఖం మీద కాపురం ఉంటున్నారు."

అక్క టేపు లాగింది. చర్రుమంటూ నాలుగు అంతస్తులూ ఒక్కసారిగా లేచాయి. నా ఒంటె బొమ్మ దొర్లి చిప్స్ గిన్నెలో పడింది. పటం తిరగబడింది.

లిఫ్ట్ కార్డు దరఖాస్తు! పచ్చని గుండ్రటి అక్షరాలు. కారణం: మోకాళ్ళు. ఫోటోలో మెట్లమ్మ కెమెరా వైపు తిన్నగా చూస్తోంది. ఆమె ముఖం నేను తిన్నగా చూడడం అదే మొదటిసారి. నేను పక్కకు తిరిగి నవ్వే వంశం వాడినని అప్పుడు తెలిసింది.

ఎడారి నగరం వరమన్న నా వాదన వెనక్కి తీసుకోను. మాలాంటి విశాల హృదయులకు ఐదు ఆదివారాలు ఎంతటి సుఖం! లేని మనుషుల కోసం ఏడవవచ్చు. ఉన్న మనిషికి కాళ్ళు పైకెత్తితే సరిపోతుంది. నగరానికి నాలుగే అంతస్తులన్నాను. పొరపాటు. కాగితానికి అవతల ఐదోది ఉంది. మిగతా నాలుగూ దాని మీదే గీశాము.

 బావ కాగితం మీదికి వంగి పేరు గొణిగాడు.

"వినపడలేదు," అంది అక్క. "గట్టిగా పిలిస్తేనే తలుపు. చట్టం చట్టమే!"

"ఉత్త పిలుపయితే నేను లేవను," అంది కుర్చీ అంచున కూర్చున్న ఆమె. ఈసారి వెనక్కి జరిగి పూర్తిగా కూర్చుంది. "కార్డు చేత్తో పట్టుకుని పిలవండయ్యా."

బావ లేచి సొరుగు తెరిచాడు. కొత్త కార్డులు రబ్బరు బ్యాండు వేసి కట్టగా అక్కడే ఉన్నాయి, నాలుగు నెలలుగా. ఒకటి తీశాడు. పచ్చ అక్షరాలు చూసి దాని మీద పేరు రాశాడు. తలుపు తెరిచి బయటికి వెళ్ళి, లిఫ్ట్ ఎదుట నిలబడి, ఆరు అంతస్తులకూ వినపడేలా ఎలుగెత్తాడు:

"సత్యవేణి గారూ!"