తాళం వేసిన గూట్లో కోళ్ళు

"నా ఆవరణలో ఏ ప్రాణీ ఇకమీదట గూడు లేకుండా బతకడానికి వీల్లేదు" అని మావారు ఒక ఉదయం ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఆయన చేతిలో తడిగుడ్డ ఉంది, ఎదురుగా స్కూటరు ఉంది. స్కూటరు సీటు మీద నా కోళ్ళు రాత్రంతా సుఖంగా నిద్రపోయిన ఆనవాళ్ళున్నాయి.

మావారు గృహనిర్మాణ శాఖలో ఇంజనీరు. ఊరి చివర ఉద్యోగుల కోసం వెలసిన కాలనీ ఆయన చేతుల మీదుగా లేచిందే. లేచి రెండేళ్ళయింది. మంత్రిగారికి తీరిక చిక్కి రిబ్బను కత్తిరించేదాకా అందులో పిల్లి కూడా కాపురం పెట్టకూడదని నియమం. ఆ నియమం గురించి ఆయన చెబుతుంటే చెప్పులు విప్పి వినాలనిపిస్తుంది.

కోళ్ళ గూడు కూడా శాఖాపరంగానే లేచింది. సిమెంటు దిమ్మె, రేకుల కప్పు, ముందువైపు ఇనుప జాలీ తలుపు, లోపల నున్నటి టైల్సు. వెనకవైపు, ఊడ్చుకోవడానికని, ఒక చిన్న తలుపు.

"దండెం ఏదండీ?" అన్నాను.

"అంత మంచి నేల వేయించాక దండెం దేనికి?"

"కోళ్ళు నేల మీద పడుకోవు. ఎత్తుగా ఎక్కి, కర్రని కాళ్ళతో పట్టుకుని కూర్చుంటాయి."

"అలవాటు చేసుకుంటాయి. మేం కట్టినవాటికి జనం అలవాటు పడటం లేదూ?"

ముందు తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆఫీసు గుత్తికి తగిలించుకున్నారు. గూటికి ఎదురుగా పాత దుప్పటొకటి తెరలా కట్టారు. ఆదివారం సాయంత్రం పెద్ద ఇంజనీరు గారొచ్చి రిబ్బను కత్తిరిస్తారట. కాలనీ ప్రారంభోత్సవం రోజున వేదిక మీద ఎవరెవరికి కుర్చీ వెయ్యాలో తేల్చేది ఆయనే. మావారికి కుర్చీల మీద చిన్నప్పట్నుంచీ మక్కువ.

"అంతదాకా తాళం వేస్తే అది తమ ఇల్లని వాటికెలా తెలుస్తుందండీ? కొత్త గూట్లో కొన్నాళ్ళు మూసి ఉంచాలి. అప్పుడే పొద్దు వాలేసరికి వాటంతటవే వస్తాయి."

"ప్రారంభోత్సవానికి ముందు కాపురమా? రేపెవరైనా అడిగితే నేనేం చెప్పుకోవాలి?"

"కోళ్ళ గురించి ఎవరడుగుతారండీ?"

"నియమం నియమమే. ఆదివారం తలుపు తీస్తాను, వరసగా లోపలికి వెళ్ళాలి. పెద్దాయన ముందు నా పరువు తీశాయా, మర్నాడే అన్నిటినీ చికెన్ కొట్టుకి పంపించేస్తాను. తర్వాత చెప్పలేదనకు."

మావారు మాట మీద నిలబడే మనిషి. ముఖ్యంగా ఆ మాటవల్ల ఇబ్బంది పడేది మరొకరైనప్పుడు.

వెనక తలుపుకి తాళం లేదు, గడియే. వాళ్ళ శాఖలో ప్రారంభోత్సవాలన్నీ ముందు గుమ్మం దగ్గరే జరుగుతాయి గనుక, వెనక తలుపొకటుందన్న సంగతి ఆయన మరిచిపోయారు. నేల తుడిచే మాపుది విరిగిన కర్రొకటి తెచ్చి లోపల అడ్డంగా బిగించాను. ఆయన టీవీ వార్తల ముందు కూర్చోగానే స్కూటరు మీది కోళ్ళను ఒక్కొక్కదాన్నే చంకలో పెట్టుకెళ్ళి ఆ కర్ర మీద కూర్చోబెట్టి, గడియ పెట్టేశాను. పగలు ఆయన ఆఫీసుకి వెళ్ళాక దుప్పటి ఎత్తి వెలుతురు, గింజలు, నీళ్ళు.

"స్కూటరు శుభ్రంగా ఉంటోందే" అన్నారాయన, బూట్లు వేసుకుంటూ.

"మీరు గట్టిగా చెప్పారుగా."

"మాట కాస్త ఖచ్చితంగా చెబితే ఎవరైనా వింటారు" అన్నారు.

శనివారం వాటిని బయటికి వదిలాను. వెనక తలుపు తెరిచే ఉంచాను. పొద్దు వాలగానే, నేను పెద్దావిడ అని పిలిచే ఎర్ర కోడి స్కూటరు వంక ఒకసారి చూసి, తలతిప్పుకుని గూటి వెనక్కి నడిచింది. మిగిలినవి దాని వెనకే.

ఆదివారం పెద్దాయన రావలసిన వేళకి రాలేదు. పెద్దవాళ్ళు వేళకొస్తే చిన్నవాళ్ళకి గౌరవం చూపించే అవకాశం ఎక్కడుంటుంది? మావారు గేటు దగ్గర నిలబడి వీధి చివరికి చూస్తున్నారు. కోళ్ళు ఆకాశం వంక చూశాయి. వాటికి హోదాలు తెలియవు, వెలుతురే తెలుసు.

కారు ఆగేసరికి పెరట్లో ఒక్క కోడీ లేదు. మావారది గమనించే స్థితిలో లేరు. పెద్దాయన చేతికి కత్తెర అందించి, దర్జాగా తెర లాగారు.

రిబ్బను వెనక, తాళం వెనక, జాలీ వెనక, మాపు కర్ర మీద నా కోళ్ళన్నీ వరసగా కూర్చున్నాయి. పెద్దావిడ ఒక కన్ను తెరిచి, మమ్మల్ని చూసి, మళ్ళీ మూసుకుంది.

మావారు తాళం లాగి చూశారు. వేసే ఉంది.

"ఇది అనధికార ఆక్రమణ సార్" అన్నారు చివరికి. "నాకు తెలియకుండా జరిగింది. మా ఆవిడ..."

"ఎప్పట్నుంచి ఉంటున్నాయమ్మా?" అని పెద్దాయన నన్నడిగారు.

"వారం నుంచండీ. లేకపోతే ఇవాళ వచ్చేవి కావు."

పెద్దాయన మావారి భుజం తట్టారు. "ఇంతదానికి కంగారెందుకయ్యా? బయటికి తోలు. నేను రిబ్బను కత్తిరిస్తాను. ఫోటో అయ్యాక మళ్ళీ లోపలికి తోలు. మంత్రిగారొచ్చే రోజు కాలనీలో మనం చేసేదదేగా. మా బావమరిది పొద్దున్నే సామాను సర్దుకుని బయటికొచ్చేస్తానన్నాడు. మీ తమ్ముడికి చెప్పావా?"

మా మరిది బదిలీ మీద వేరే ఊరు వెళ్ళాడని మావారు ఏడాదిగా నాతో చెబుతున్నారు.

"చెప్పాను సార్" అన్నారు మావారు, ఎందుకో స్కూటరు వైపు చూస్తూ.

కోళ్ళను తోలాం. పెద్దాయన రిబ్బను కత్తిరించి, నియమబద్ధమైన నివాసం గురించి రెండు మాటలు చెప్పి, ముందు తలుపు బార్లా తెరిచారు. కోళ్ళు ఆ తలుపు ముఖం చూడలేదు. చుట్టూ తిరిగి వెనకనుంచి లోపలికెళ్ళి కర్ర ఎక్కాయి. మావారు చప్పట్లు కొట్టారు.

కారు వెళ్ళిపోయాక అడిగాను. "మరి చికెన్ కొట్టు మాటేమిటి?"

"వరసగానే వెళ్ళాయిగా" అన్నారు.

"మీ తమ్ముడిది ఎన్నో అంతస్తు?"

"మూడు."

"మంత్రిగారు అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తే పాపం, మంచాలూ గ్యాసు బండా పట్టుకుని వెనకనుంచి దిగడానికి తలుపుందా?"

మావారు కాలనీ గుమ్మాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

"లేదు" అన్నారు నెమ్మదిగా. "పెట్టాల్సింది."

ఈ రెండేళ్ళలో ఆ కాలనీ కట్టడంలో ఆయన ఒప్పుకున్న లోపం అదొక్కటే.