ఒక్కగానొక్క కవలలు

ఆ పొద్దున డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు మొదటి శిష్యుడు కారెక్కేలోపు, భార్య కంటపడకుండా స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి, ట్రస్టు ఆఫీసు గుమ్మంలో ఉన్న పెట్టెలో వేసి రావాలి. భార్యకు చెబితే తానే నింపుతానంటుంది. ఆవిడ పద్నాలుగేళ్ళుగా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరి ఫారాల్లో తప్పులు పడుతున్న మనిషి. వీధిలో అందరూ ఆమెను కౌంటరమ్మ అనే పిలుస్తారు. మొగుడి చేతిరాతలో ఒక్క అక్షరమైనా ఆవిడకు నచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు.

దరఖాస్తు వాళ్ళ ఒక్కగానొక్క కూతురి కోసం. తొమ్మిదేళ్ళ ఆ పిల్లను అందరూ గువ్వ అంటారు. గువ్వ తెలివితక్కువది కాదు. కాకపోతే ఏదైనా ఒకటికి రెండుసార్లు చెబితేగాని బుర్రకెక్కదు. అరవై రెండుమంది ఉన్న క్లాసులో రెండోసారి చెప్పే తీరిక ఎవరికీ లేదు. నాలుగో తరగతికి వచ్చినా పాఠం మీద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదువుతుంది. ఈ మధ్య బడి టైముకు సరిగ్గా కడుపునొప్పి అంటోంది. ఏ పిల్లకు తగ్గట్టు ఆ పిల్లకు విడివిడిగా చదువు చెప్పే ఖరీదైన బడి ఒకటి ఊళ్ళో వెలిసింది. గువ్వను అందులో వేయాలని మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఉంది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరి మాటా కలిసిన విషయం ఇదొక్కటే.

అలాంటి బడుల్లో మామూలు కుటుంబాల పిల్లలు చదువుకుంటే ఫీజు తాము కడతామని ఒక ట్రస్టు ముందుకొచ్చింది. 'ప్రతి బిడ్డా ప్రత్యేకమే' అని గోడల నిండా రాయించింది. ప్రత్యేకమైన ఆ బిడ్డలందరికీ ఒకటే ఫారం అచ్చువేయించింది.

ఫారంలో నాలుగో ప్రశ్న, మీ బిడ్డ ప్రత్యేకత ఏమిటని. జాలి పుడితేగాని ఎవడూ పైసా రాల్చడని మాస్టారి నమ్మకం. 'మా అమ్మాయికి అక్షరమ్ముక్క రాదు. గోడకు చెప్పినా, దానికి చెప్పినా ఒకటే' అని రాసి, రాసింది తానే చదువుకుని కంటతడి పెట్టుకుని, సంతకం చేసి పడేసి వచ్చాడు.

అదే రోజు భోజనాల వేళ కౌంటరమ్మ కూడా, మొగుడికి చెబితే చెడగొడతాడని, కౌంటర్ మూసి అదే ఫారం నింపింది. గొప్పలు చెప్పుకోనివాణ్ణి లోకం పట్టించుకోదని ఆవిడ నమ్మకం. 'మా అమ్మాయి ఏకసంథాగ్రాహి. మామూలు బడి దాని మేధస్సుకు చాలడం లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇంతకాలం ఒకరితో ఒకరు వాదించుకున్నవాళ్ళు, ఈసారి చెరో కుందేలును పట్టారు.

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. గువ్వ పుట్టినప్పుడు నాన్నమ్మ పేరా, అమ్మమ్మ పేరా అని రెండువైపులా పెద్ద యుద్ధం జరిగి, చివరికి రెండూ కలిపి పెట్టి సంధి చేసుకున్నారు. సంధి బడి రిజిస్టరు వరకే. మాస్టారు ఫారంలో తన తల్లి పేరు మాత్రం రాశాడు. కౌంటరమ్మ తన తల్లి పేరు మాత్రం రాసింది.

మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. మీ కవల ఆడపిల్లలిద్దరి దరఖాస్తులూ తుదివిడతకు ఎంపికయ్యాయి, శనివారం పదింటికి మా పరిశీలకురాలు ఇంటికొచ్చి ఇద్దరినీ చూస్తారు అని అందులో ఉంది. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే పుట్టినరోజు, పేర్లు రెండు. ట్రస్టు కంప్యూటరు తన తెలివికొద్దీ లెక్కకట్టుకుంది.

"మీరు కూడా పంపారా?" అంది కౌంటరమ్మ.

"నువ్వు పంపుతావని నాకేం తెలుసు?"

"మీకు పంపడం చేతకాదని నాకు తెలుసు. అందుకే పంపాను."

"సరే, అయిందేదో అయింది. వెళ్ళి నిజం చెప్పేద్దాం."

కౌంటరమ్మ ఉత్తరం వెనక్కి తిప్పి చూపించింది. నిబంధనలు చదివే అలవాటు ఆ ఇంట్లో ఆవిడొక్కదానికే ఉంది. ఒక బిడ్డకు రెండు దరఖాస్తులు పెట్టిన కుటుంబానికి ఇక ఎప్పటికీ సహాయం అందదని తొమ్మిదో నిబంధన.

"అయితే ఏం చేద్దామంటావు?"

"చేసేదేముంది. శనివారం పదింటికల్లా మనకు కవలలుండాలి."

శుక్రవారం సాయంత్రం గువ్వను కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. ముందుగదిలో రెండు జడలు, ఏం అడిగినా రాదనాలి. పడగ్గదిలో ఒంటి జడ, ఏం అడిగినా టకటకా చెప్పాలి. గువ్వ శ్రద్ధగా విని, "ఇంకోసారి చెప్పమ్మా" అంది. ఇంకోసారి చెప్పారు. ఈసారి బాగా అర్థమైంది. కాసేపు ఆలోచించి, "మరి నాకు నిజంగా వచ్చేవి ఏ గదిలో చెప్పాలి?" అని అడిగింది. తల్లి తండ్రి వైపు, తండ్రి గోడ గడియారం వైపు చూశారు.

పరిశీలకురాలు టాబ్లెట్‌తో వచ్చింది. పిల్లలను పరిశీలించడం ఆమె ఉద్యోగం గాని, వచ్చిన దగ్గర్నుంచీ టాబ్లెట్ మీంచి తల ఎత్తలేదు.

"ఇద్దరినీ కలిపి చూడొచ్చా?"

"కుదరదండీ. ఒకచోట ఉంటే కొట్టుకు చస్తారు" అన్నాడు మాస్టారు.

ఆమె ముఖం వెలిగిపోయింది. దానికి టాబ్లెట్‌లో ఒక గడి ఉన్నట్టుంది, టక్కున నొక్కింది. రెండు జడల గువ్వను ఏడెనిమిదులెంతని అడిగింది. గువ్వకు నిజంగానే రాదు. "రాదండీ" అని ఉన్నమాటే చెప్పింది. ఇంకో నాలుగు ప్రశ్నలకూ రాదనిపించుకుని, పరిశీలకురాలు చాలా తృప్తిపడింది.

గువ్వ వంటింట్లోకి పరుగెత్తింది. అక్కడ కౌంటరమ్మ నోట్లో రిబ్బను పట్టుకుని సిద్ధంగా ఉంది. జడలు విప్పుతూ, ఒంటి జడ అల్లుతూ, "ఏడెనిమిదులు యాభై ఆరు, యాభై ఆరు" అని పిల్ల చెవిలో నూరిపోసింది.

ఈ లోపల కింది వాటా నుంచి ఇంటి ఓనరమ్మ ఎందుకో పైకొచ్చింది. పరిశీలకురాలు మర్యాదకు పలకరించి, "కవలల్ని పెంచడమంటే మాటలు కాదు" అంది.

ఓనరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా మాస్టారూ, ఇల్లు తీసుకున్నప్పుడు ముగ్గురమన్నావు. ఆ రెండోదాన్ని ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావు?"

మాస్టారు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. "దాచడమేంటండీ. వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరిగింది. మొన్ననే వచ్చింది."

"పిల్ల వచ్చింది సరే, నీళ్ళు ఎక్కడ్నించి వస్తాయి? వచ్చే నెల నుంచి నలుగురి లెక్కే." అని ఓనరమ్మ కిందికి దిగి, వీధంతా చెప్పడానికి బయల్దేరింది. మధ్యాహ్నానికల్లా పక్కింటివాళ్ళు ఆ రెండో పిల్ల నల్లగా ఉంటుందట, అందుకే దాచారట అని కూడా చెప్పుకున్నారు.

పడగ్గదిలో ఒంటి జడ గువ్వ ఏడెనిమిదులు యాభై ఆరని ఠకీమని చెప్పింది. పరిశీలకురాలు అవే ఐదు ప్రశ్నలు అదే వరసలో అడిగింది. ముందుగదిలో తెల్లబోయి విన్న ప్రశ్నలు రెండోసారి వినేసరికి గువ్వకు మిగతా నాలుగింటిలో మూడు తోచాయి.

"కవలలైనా ఎంత తేడానో చూడండి. నేను గుమ్మంలోనే పట్టేశాను. పన్నెండేళ్ళ అనుభవం" అంది ఆమె. ఇద్దరికీ పూర్తి ఫీజు మంజూరు చేసింది. ఒకచోట ఉంటే కొట్టుకుంటారు కాబట్టి పెద్దదానికి పొద్దుటి బ్యాచ్, చిన్నదానికి మధ్యాహ్నం బ్యాచ్ అని సిఫారసు కూడా రాసింది. పెద్దదెవరో చిన్నదెవరో ఆమే నిర్ణయించింది.

ఆ బడి పైన పటారం, లోన లొటారం. అద్దాల గోడలు, రంగురంగుల కుర్చీలు. ప్రతి పిల్ల ముందూ ఒక తెర, చెవులకు హెడ్‌ఫోన్లు. పొద్దున్నే ఆ తెర 'నీలాంటి పిల్ల ఇంకొకరు లేరు' అని నలభై మందికి ఒకేసారి చెబుతుంది. అక్కడ టీచరును టీచరు అనకూడదు, అభ్యాస సహచరి అనాలి. సహచరి పని వరసల మధ్య తిరుగుతూ ఎవరి హెడ్‌ఫోన్లయినా జారిపోతే సర్దడం.

గువ్వ పొద్దున రెండు జడలతో వెళ్ళేది. మధ్యాహ్నం బడి ముందు ఆగిన డ్రైవింగ్ స్కూలు కారులో అన్నం తిని, ఒంటి జడతో మళ్ళీ వెళ్ళేది. జడ వేసేది మాస్టారే. మొదటివారం ఆ జడ చూసి బడి వాచ్‌మన్ కూడా జాలిపడ్డాడు. రెండో నెలకు మాస్టారికి చెయ్యి తిరిగింది. పక్కన స్టీరింగు పట్టుకుని వణుకుతున్న శిష్యుడికి బ్రేకు సంగతి చెబుతూనే, వెనక్కి తిరిగి పాయలు అల్లేవాడు. సాయంత్రానికి గువ్వ వెనక సీట్లోనే నిద్రపోయేది.

మూడు నెలలకు రెండు రిపోర్టులు వచ్చాయి. పెద్దమ్మాయి బాగా వెనకబడి ఉందట. చిన్నమ్మాయిది అసాధారణ ప్రతిభట. ఇద్దరినీ దయచేసి పోల్చవద్దని కింద రాశారు.

కౌంటరమ్మ చిన్నదాని రిపోర్టు పోస్టాఫీసంతా తిప్పి తెచ్చింది. "చూశారా. మా అమ్మ పేరు పెట్టినందుకు నిలబెట్టింది."

"పెద్దదానికేం తక్కువైంది? దానికి సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు గాని" అన్నాడు మాస్టారు, నిజంగానే నొచ్చుకుని.

"మీ వైపు బుర్రలే అంత."

"నువ్వు మొదట్నుంచీ ఆ పిల్లని చిన్నచూపే చూస్తున్నావు."

"మీరు వెనకేసుకొచ్చే అది అలా తయారైంది."

లేని ఇద్దరు కూతుళ్ళ కోసం మొగుడూ పెళ్ళాలు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఉన్న ఒక్క కూతురూ గుమ్మంలో నిలబడి వింటోంది.

"నాన్నా, పొద్దున చెప్పిన పాఠమే మధ్యాహ్నం కూడా చెప్తారు" అంది గువ్వ. "పొద్దున నాకు అర్థం కాదు. మధ్యాహ్నం రెండోసారి విన్నాక వచ్చేస్తుంది. అంతే." గువ్వ రిబ్బను వేలికి చుట్టుకుంటూ, "ఆ రెండోసారి ఇంట్లో మీరే చెప్పొచ్చు కదా. నాకు నిద్రొస్తోంది" అంది.

సిగ్గుపడటం ఆ దంపతులకు అలవాటు లేని పని. ఆ సాయంత్రం మాత్రం ఇద్దరూ సిగ్గుపడ్డారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పేసి, పడే శిక్ష పడదామనుకున్నారు. వాళ్ళ మాట కలిసిన రెండో విషయం అది.

బడి డైరెక్టరు అంతా ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కతే అంటున్నారా?"

"ఒక్కతేనండీ. పురిటి కాగితం కూడా తెచ్చాను" అంది కౌంటరమ్మ.

"చూడండమ్మా, మా దగ్గర ప్రతి బిడ్డ మీదా ప్రత్యేక శ్రద్ధ ఉంటుంది. ఇద్దరున్నారో ఒకరున్నారో మాకు తెలియదా?" అని నొచ్చుకుని, సహచరిని పిలిపించాడు.

"పెద్దది కాస్త మొండి సార్. చిన్నది బంగారం" అంది సహచరి. "మొదట్లో పడేది కాదు గాని, ఇప్పుడు కలిసిపోయారు. నిన్న బయట ఇద్దరూ ఆడుకుంటుంటే నా కళ్ళతో చూశాను."

డైరెక్టరు చేతులు చాచాడు. "ఇంకేం కావాలి? ఫలితాల ఒత్తిడిలో తల్లిదండ్రులకు ఇలాంటి భ్రమలు మామూలే. దానికీ మా దగ్గర కౌన్సెలింగ్ ఉంది."

గంటసేపు బతిమాలితే పెద్దమ్మాయికి మాత్రం టీసీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఎలాగూ రిపోర్టులకు అది మచ్చే. చిన్నదాన్ని వదలడం కుదరదన్నాడు. ట్రస్టువారి వార్షిక పుస్తకం అట్ట మీద ఆ పిల్ల ఫొటోనే వేస్తున్నారట. కాగితం పట్టుకుని బయటికొస్తూ మాస్టారు, జైలుకు పోతామనుకుని వెళ్ళి కౌన్సెలింగ్ చీటీతో తిరిగొచ్చామేమిటని భార్యను అడిగాడు. ఆవిడ దగ్గర దానికి ఏ ఫారమూ లేదు.

ఆ టీసీతో గువ్వ మళ్ళీ పాత బడికే వెళుతోంది, అరవై రెండుమందిలోకి. సాయంత్రం ఆఖరి శిష్యుడు దిగిపోయాక మాస్టారు కారు పక్కకు ఆపి, ఆ రోజు పాఠం రెండోసారి చెబుతాడు. ఆయనకు రానివి కౌంటరమ్మ చెబుతుంది. ఎవరు చెప్పేది సరైందో అని వాళ్ళు వాదించుకుంటుంటే గువ్వకు కొన్ని పాఠాలు మూడోసారి కూడా అందుతున్నాయి. కడుపునొప్పి పోయింది. వేలు పెట్టకుండా పేజీ అంతా చదివిన రోజు మాస్టారు కళ్ళు తుడుచుకుంటే, ఈసారి అది ఏ ఫారం కోసమూ కాదు.

చిన్నమ్మాయి మాత్రం ఇప్పటికీ ఆ కొత్త బడిలోనే ఉంది. మొన్నటి పరీక్షల్లో క్లాసు ఫస్టు వచ్చిందని ఇంటికి ఉత్తరం వచ్చింది. హాజరు విషయంలో మాత్రం ఇంకాస్త శ్రద్ధ పెట్టాలట.